ఎనభైకి ముందు పెసరట్టు

మామిడికుదురులో ఎవరినడిగినా, సత్యదుర్గారావు గల్ఫులో షేకుగారి గుర్రాల మీద నూట ఇరవై కిలోమీటర్లు ఏకబిగిన స్వారీ చేసిన మనిషని చెబుతారు. వాళ్ళందరికీ చెప్పింది ఆయనే. నిజానికి పదమూడేళ్ళపాటు ఆయన అక్కడ చేసింది పగ్గం పట్టుకోవడం, గుర్రం మెడ మీద చల్లనీళ్ళు గుమ్మరించడం, లద్దె ఎత్తడం. ఎక్కేవాళ్ళు వేరే ఉండేవారు. ఈ సంగతి ఆయన భార్య వీరదుర్గకు తెలుసు. ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మొగుడి గొప్పలు సరిదిద్దుతూ కూర్చుంటే డ్యూటీ ఎవరు చేస్తారని ఊరుకుంది.

తిరిగొచ్చాక దుర్గారావు రాయవరంలో ఒక బ్యాండు మేళం ఆయన దగ్గర పెళ్ళిళ్ళ గుర్రాన్ని కొన్నాడు. పెళ్ళికొడుకులందరూ కార్లెక్కడంతో దానికి పని లేకుండా పోయింది. తెల్లటి ఆడగుర్రం, పేరు మల్లి. గల్ఫులో చూసిన దూరపు స్వారీ దానికి నేర్పించాడు. అది మామూలు పందెంలా ముందొచ్చినవాడిదే గెలుపు కాదు. చేరిన ఇరవై నిమిషాల్లో గుర్రం గుండె నిమిషానికి అరవై నాలుగుకు దిగాలి. ఆపైన డాక్టరు ముందు కుంటకుండా పరుగెత్తి చూపించాలి. ఏది తప్పినా, చేసిన దూరమంతా గోదాట్లో కలిసినట్టే.

కిందటి శీతాకాలం మల్లి నలభై కిలోమీటర్లు రెండుసార్లు పూర్తిచేసింది. ఆ సంబరంలో దుర్గారావు టీకొట్టు దగ్గర, వచ్చే జనవరిలో ఎనభై కొడతానని నోరు జారాడు. పక్కనే కొబ్బరికాయల వ్యాపారి ప్రభాకరరావు ఉన్నాడు. తెల్లారేసరికి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది: ‘ఎనభై కిలోమీటర్ల వీరుడికి శుభాకాంక్షలు’. వీరుడి ఫొటో కన్నా శుభాకాంక్షలు చెప్పినాయన ఫొటో పెద్దది. ఒకసారి ఫ్లెక్సీ పడ్డాక మాట వెనక్కి తీసుకోవడం మన వైపు చచ్చేంత పని.

అయినా మల్లి విషయంలో దుర్గారావు తొందరపడే మనిషి కాదు. గల్ఫులో ఆయన చేతికింద ఒక ఎర్రగుర్రం ఉండేది. ఎనభై చక్కగా చేసింది. నెల తిరక్కుండానే దాన్ని నూట ఇరవైకి దింపారు. మధ్య తనిఖీలో దాని ముందుకాలు వేడిగా ఉందని దుర్గారావు అరచేతికి తెలిసింది. పగ్గం పట్టుకునేవాడి మాట ఎవరు వింటారులే అని నోరెత్తలేదు. తొంభై దాటాక అది ఇసకలో కూలబడి మళ్ళీ లేవలేదు. తల్చుకుంటే ఆయనకు ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం. ఇది ఒక్క వీరదుర్గకే చెప్పుకున్నాడు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాడు. పై దూరానికి వెళ్ళాలంటే, కింది దూరం పూర్తిచేసి ఇంకా వెళ్దామా అన్నట్టు నిలబడాలి. అందుచేత ఎనభైకి ముందు అరవై చేసి చూడాలి. డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున మల్లినెక్కి, వైనతేయ వంతెన దాటి, అమలాపురం పక్కగా అంబాజీపేట అవతలిదాకా వెళ్ళి వెనక్కి తిప్పాడు. మల్లి ఏమాత్రం ఆయాసం లేకుండా, కొబ్బరి లారీల పక్కనుంచి హాయిగా పోతోంది.

ముప్పయ్యయిదో కిలోమీటరు దగ్గర బ్యాండు వినపడింది. పెళ్ళికొడుకుని మండపానికి తీసుకెళ్తున్నారు. మల్లి టక్కున ఆగి, ముందుకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ డాన్సు మొదలెట్టింది. దుర్గారావు బతిమాలాడు, తిట్టాడు. అది పాత ఉద్యోగంలో చేరిపోయింది. అరగంటసేపు ఆయన నడుము దాని మీద పైకీ కిందకీ పడింది. మేళం ఆగాక పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

“గుమ్మం దాకా వచ్చి టిఫిను చెయ్యకుండా వెళ్తే మాకు మర్యాదగా ఉంటదాండి?”

స్వారీలో ఉన్నానని చెప్పాల్సిన దుర్గారావు “ఆయ్” అన్నాడు. గోదావరివాడు కాబట్టి ఇంకో మాట రాలేదు. ఎవరో మల్లికి లడ్డూలు తెస్తే మాత్రం అడ్డుపడి, నడిదూరంలో కడుపు నింపితే ఎంత ప్రమాదమో ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఉపన్యాసం ఇస్తూనే ఉప్మా పెసరట్లు మూడు, గారెలు నాలుగు, కాజా ఒకటి లాగించాడు. మల్లికి నీళ్ళు పట్టి, గుప్పెడు గడ్డి పెట్టి, బయల్దేరాడు.

మిగిలిన పాతిక కిలోమీటర్లూ ఆయన గుర్రం మీద లేడు, బియ్యం బస్తా ఒకటి ఉంది. ఇంటి ముందు దిగబోయి గోడ పట్టుకున్నాడు. ప్రభాకరరావు దండతో సిద్ధంగా ఉన్నాడు. ఇరవై నిమిషాలు ఆగి, వీరదుర్గ స్టెతస్కోపు మల్లి ముందుకాలి మోచేతి వెనక ఆనించింది. యాభై రెండు. పగ్గం పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తించింది. అడుగు తడబడలేదు.

దండ దుర్గారావు మెడ దాకా వచ్చింది. వీరదుర్గ ఆగమని, మొగుడి మణికట్టు పట్టుకుంది. నూట ఇరవై ఎనిమిది. మనిషి కాబట్టి వంద దాకా మినహాయింపు ఇచ్చింది. ఇంకో పది నిమిషాలు చూసింది. నూట ఇరవై. వీధి చివరిదాకా వెళ్ళి రమ్మంది. ఆయన రెండు కాళ్ళ మధ్య కొబ్బరిబోండం ఇరుక్కున్నట్టు నాలుగడుగులు వేసి, అరుగు మీద కూలబడ్డాడు.

“మల్లి పాసయ్యిందండి. మీరు తప్పేరు,” అంది వీరదుర్గ.

పెసరట్టు వల్ల అన్నాడు. డాన్సు వల్ల అన్నాడు. జనవరికి సర్దుకుంటుందన్నాడు. ఫ్లెక్సీ మాటేమిటని ప్రభాకరరావు కూడా ఓ చెయ్యి వేశాడు. ఆమె మల్లి వీపు మీది జీను కింద గుడ్డ తీసి చూపించింది. ఎడమవైపు చర్మం ఎర్రగా ఒరుసుకుని ఉంది. ఆయన పాతిక కిలోమీటర్లు ఒరిగి కూర్చున్నది అటే.

“నా చేతికి తెలిసింది చెబుతున్నానండి. ఆవేళ మీ చేతికీ తెలిసింది. మీరు చెప్పలేదు.”

దుర్గారావు లేచి, కుంటుకుంటూ వెళ్ళి, ఆ ఎర్రటి చోట తడిగుడ్డ వేసి చాలాసేపు పట్టుకున్నాడు. తరవాత ప్రభాకరరావు వైపు తిరక్కుండానే అన్నాడు:

“నేనక్కడ స్వారీ చెయ్యలేదండి. పగ్గం పట్టుకునేవోణ్ణి. ఆ ఎనభై మీద నలభై అంటించెయ్యండి.”

ప్రభాకరరావు దండ వృథా పోనివ్వలేదు, మల్లి మెడలో వేశాడు. అది రెండు బంతిపూలు తినేసింది. మర్నాడు ఫ్లెక్సీ మీద నలభై పడింది. ‘వీరుడు’ అలాగే ఉండిపోయాడు.

జనవరిలో నలభై పూర్తిచేశారు. డాక్టరు మల్లికి నలభై ఎనిమిది రాశాడు. దుర్గారావు ఎవరూ అడక్కుండానే వీరదుర్గ ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఆమె వాచీ చూస్తూ చాలాసేపు పట్టుకుంది.

“ఎంతొచ్చింది?”

“తొంభై ఆరు. వచ్చే ఏడు అరవైకి చూద్దారండి. పెసరట్టు లేకుండా.”