వెనక వరసలో వినబడటం లేదు

అత్తగారి చెవుడు ముగ్గురు విద్యాధికారుల గొంతులు మింగేసింది. మొదటాయన ఆవిడ వచ్చిన సభలో మాట్లాడాక కొన్నాళ్ళు సైగలతోనే ఆఫీసు నడిపాడు. ఆయన నోరున్న రోజులకంటే పనులు త్వరగా అయ్యాయని గుమాస్తాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ఆయన ముందే పదవీ విరమణ తీసుకుని, పిట్ట కూడా కూయని చోట ఇల్లు వెతుక్కున్నాడు. మూడో ఆయన నిద్రలో కూడా ప్రతి మాటా మూడుసార్లు చెబుతున్నాడని వాళ్ళావిడ మంచం వేరే గదిలోకి మార్పించింది. నమ్మరా? కొత్త భవనం వచ్చే ఏడు కట్టిస్తామని విద్యాశాఖ ఏటా చెబుతుంటే నమ్మినవాళ్ళకి ఇది నమ్మడానికి ఏం రోగం?

ఆవిడకున్నది ఒకే ఒక్క అలవాటు. ఏ సభకు వెళ్ళినా వెనక వరసల్లోనే కూర్చుంటుంది. వేదిక మీద మనిషి నోరు తెరవగానే, “వినబడటం లేదు!” అని అరుస్తుంది. ముందుకు రండమ్మా అని మర్యాదగా కుర్చీ వేస్తే, ఆ కుర్చీని భుజానికెత్తుకుని మళ్ళీ వెనక్కే మోసుకుపోతుంది. చిన్నపాటి అరుపు కాదది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా రిటైరయిన గొంతు. గొట్టంలోంచి కాకుండా నేరుగా వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఊళ్ళో ఆవిడకు ‘వినబడటంలేదమ్మ’ అని పేరు. పిల్లలు ఆవిడ వీధిలోంచి పోతుంటే ఆ మాటే అరిచి గోడ చాటున దాక్కునేవాళ్ళు. వాళ్ళను పట్టించుకోకుండా వెళ్ళిపోయేది. చెవిటి మనిషి కదా మరి!

ఈ అత్తగారు దొరికిన అదృష్టవంతుడు ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు. అంటే స్కూలు యజమానే. యజమాని అంటే వ్యాపారంలా వినిపిస్తుందని ఆ రంగంలో అందరూ కరస్పాండెంట్లే. పైగా ఇల్లరికపు అల్లుడు. అత్తగారింటి మేడమీద కాపురం, అత్తగారి భోజనాల బల్ల మీద భోజనం. అత్తగారేమో ‘బడి బతకాలి’ అనే సంఘానికి అధ్యక్షురాలు. దర్జీ కొట్టు పైన ఒక ఇరుకు గది, అందులో ఒక బల్ల, రంగు డబ్బాలు, వాటి వెనకాల రిటైరయిన డ్రాయింగు మాస్టారు. సంఘం మొత్తం అదే. మాస్టారు అట్టల మీద నినాదాలు రాస్తాడు, ఆవిడ పట్టుకు తిరుగుతుంది. ఆ అట్టలు ఆరేది ఎక్కడనుకున్నారు? అల్లుడి కారు పైకప్పు మీద. ఒకసారి ఆరీ ఆరని ‘ప్రభుత్వ బడికి నిధులివ్వండి’ కారుకు అతుక్కుపోయి, ఆయన దాన్ని మోసుకుంటూనే ప్రైవేటు స్కూళ్ళ సమావేశానికి వెళ్ళి వచ్చాడు. దిగేదాకా చూసుకోలేదు పాపం.

స్కూలు వార్షికోత్సవానికి అత్తగారిని పిలవకపోతే భార్య ఊరుకోదు. పిలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అద్దె కోటు వేసుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“మా విద్యార్థులందరూ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు!”

“వినబడటం లేదు!”

“మా విద్యార్థుల్లో... దాదాపు అందరూ!”

“వినబడటం లేదండీ!”

“చాలామంది!”

“ఆఁ?”

“కొందరు!” అని అరిచి అల్లుడు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

“ఇప్పుడు వినబడింది,” అని ఆవిడ తృప్తిగా చప్పట్లు కొట్టింది. వెనక వరసల్లో తల్లిదండ్రులు కూడా కొట్టారు. అబద్ధాన్ని ఒకసారి చెప్పడం ఎవరికైనా వచ్చు. గట్టిగా, అదే మాటల్లో, మళ్ళీ మళ్ళీ చెప్పడానికి గుండె కావాలి. అంత గుండె స్కూళ్ళు నడిపేవాళ్ళకు ఉండదు, వాళ్ళను నడిపించే పైవాళ్ళకు ఉంటుంది.

మర్నాడే ఆవిడను చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. లోపలికి ఆవిడ ఒక్కతే వెళ్ళింది. డాక్టరు మెత్తటి గొంతుతో గొణుగుతున్నాడో ఏమో, “వినబడటం లేదు!” అనే కేక రెండుసార్లు గోడ దాటి వచ్చింది. బయటికి రాగానే అల్లుడు ఆత్రంగా అడిగాడు.

“డాక్టరేమన్నాడు అత్తయ్యా?”

“వినబడటం లేదు,” అంది ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ.

ఒక చెవి మిషన్ కూడా కొనిపెట్టాడు. దాన్ని మాస్టారి పెంపుడు కుక్క నమిలేసింది. ఆ తర్వాత నుంచి కుక్కకు పక్క వీధిలో గిన్నె పడినా వినబడుతోందని మాస్టారు ప్రచారం చేశాడు.

చెవిటి అత్తగారితో ఒక సుఖం ఉంది. భోజనాల దగ్గర గుట్టు దాచుకోనక్కర్లేదు. అల్లుడు ఆవిడ పక్కనే కూర్చుని, ఎదురుగా ఉన్న భార్యతో మెల్లగా మనసు విప్పేవాడు. మందబుద్ధి పిల్లల్ని ప్రవేశపరీక్ష పేరుతో ఎలా ఏరేస్తాడో చెప్పేవాడు. సైన్సు ల్యాబులో అద్దాల బీరువాలే తప్ప వాటిలో ఏమీ లేవని చెప్పేవాడు. “మీ అమ్మ నోరు మూతపడితే నా స్కూలు నిండుతుంది” అని కూడా ఒకటి రెండుసార్లు అన్నాడు.

“మెల్లగా! అమ్మ ఇక్కడే ఉంది,” అనేది భార్య.

“ఉంటేనేం? ఆవిడకి పిడుగు పడినా తెలీదు.”

అత్తగారు ముద్ద నమిలి, “కూరలో ఉప్పు తగ్గింది,” అనేది.

ఇలా ఉండగా ప్రభుత్వం వారు ‘నచ్చిన బడి’ పథకం తెచ్చారు. పిల్లాడి పేరున ఒక కూపన్ ఇస్తారు, తల్లిదండ్రులు దాంతో నచ్చిన ప్రైవేటు స్కూల్లో చేర్పించుకోవచ్చు. పిల్లలు తగ్గిన సర్కారు బడి మూసేస్తారు. ఆ వీధి చివరి బడిలో పిల్లలు ఎందుకు తగ్గారంటే టీచర్లు లేక. టీచర్లు ఎందుకు లేరంటే పిల్లలు తగ్గారట. కప్పు కారుతోందని సంఘం ఏళ్ళతరబడి తిరిగితే నిధులు లేవన్నారు. ఆ కప్పు కిందనుంచి పిల్లల్ని సాగనంపడానికి మాత్రం నిధులు ఎక్కడినుంచో ఊడిపడ్డాయి. చదువుకున్నవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి, మధ్యలో బడి మానేసినవాళ్ళకు అర్థం కావు.

మూయాలంటే తల్లిదండ్రుల సభ పెట్టి, చేతులెత్తించాలని నిబంధన. సభ ఆ బడి హాల్లోనే. వేదిక మీద కొత్త విద్యాధికారి. ఆయన పక్కన, చుట్టుపక్కల స్కూళ్ళ తరఫున మన అల్లుడు, మళ్ళీ అద్దె కోటులో. ఆయన స్కూల్లో సగం గదులు రంగు వేసి తాళాలు పెట్టి ఉన్నాయి. ఈ పిల్లలు వస్తే తాళాలు తీయాలి, లేకపోతే రంగు కూడా రాలిపోతుంది. ముందు వరసల్లో పెద్దమనుషులు. వెనక వరసల్లో ఆ బడి పిల్లల తల్లిదండ్రులు. ఇస్త్రీ కొట్టు ఆవిడ, బస్సు డిపోలో బస్సులు కడిగే ఆయన, అలాంటివాళ్ళు. సరిగ్గా వాళ్ళ ముందు, మోసుకొచ్చిన కుర్చీలో అత్తగారు.

అధికారి కాగితం తీసి చదివాడు. “లబ్ధిదారులు తమ అభీష్టానుసారము పాఠశాలను ఎంపిక చేసుకొనవచ్చును. ప్రవేశము సదరు సంస్థ విచక్షణకు లోబడి యుండును.”

“వినబడటం లేదు!”

హాలు నవ్వింది. అధికారి మైకు దగ్గరకు జరిగి అదే ముక్క మళ్ళీ చదివాడు.

“వినబడటం లేదు బాబూ!”

“అంటే అమ్మా,” అన్నాడాయన కాగితం దించి, “మీకు నచ్చిన బడికి వెళ్ళొచ్చు. బడివాళ్ళు ఒప్పుకుంటే.”

“ఆఁ?”

“చేర్చుకోవాలా వద్దా అనేది బడివాళ్ళ ఇష్టం!” అని అరిచాడు అధికారి.

హాల్లో నవ్వు ఆగింది. అల్లుడికి అప్పుడే ఒక వింత కంటపడింది. వేదిక ఎత్తు మీదుంది కాబట్టి ఆయనకొక్కడికే కనిపించింది. అత్తగారి వెనకనుంచి ఇస్త్రీ ఆవిడ ముందుకు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో గుసగుసలాడింది. అత్తగారు తల కాస్త వంచింది. వెంటనే, “బస్సుకీ బట్టలకీ కూడా కూపన్ చెల్లుతుందా? ఆ ముక్క వినబడలేదు!” అని అరిచింది.

“చెల్లదు! బోధన రుసుముకే!”

ఈసారి బస్సులు కడిగే ఆయన వంగాడు. ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. అత్తగారు తల వంచింది. “బడివాళ్ళు చేర్చుకోనివాడు ఎక్కడికి పోవాలి? అదీ వినబడలేదు!”

“సమీపంలోని ప్రభుత్వ పాఠశాలకు!”

“అదెక్కడుంది?”

“ఇదే!” అన్నాడు అధికారి విసుగ్గా.

ఇస్త్రీ ఆవిడ లేచి నిలబడింది. “దీన్ని మూసేస్తున్నారు కదా సారూ?”

అధికారి కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మైకును చూశాడు, అల్లుడిని చూశాడు.

“వినబడటం లేదు!” అంది అత్తగారు.

చేతులెత్తమన్నప్పుడు ముందు వరసల్లో కొన్ని లేచాయి. వాళ్ళ పిల్లలెవరూ ఆ బడిలో లేరు కాబట్టి లెక్కలోకి రావన్నారు. వెనక ఒక్క చెయ్యీ లేవలేదు. అల్లుడు మాత్రం సభ సంగతే మరిచిపోయి, తన జీవితంలోని భోజనాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడు. అంత చిన్న గుసగుస వినబడిన మనిషి! తన ప్రవేశపరీక్ష గుట్టూ ఖాళీ బీరువాల గుట్టూ అక్కడే విప్పి పడెయ్యొచ్చు. ఆవిడ ఆ రెండింటి ఊసూ ఎత్తలేదు. లేచి కుర్చీ మడిచింది.

బడి మూతపడలేదు. తెరిచారని కూడా అనలేం. టీచర్లెవరూ రాలేదు, కప్పు ఎలా కారుతోందో అలాగే కారుతోంది, పై తరగతుల గదులకు తాళం పడింది. ‘తల్లిదండ్రులు పథకం పట్ల హర్షం వ్యక్తం చేశారు’ అని అధికారి పైకి రాసి పంపాడు. ఆ రోజు చెయ్యెత్తని వాళ్ళలో కొందరు తర్వాత చడీచప్పుడు లేకుండా కూపన్లు పట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టేవాళ్ళు ఆ కప్పు కింద వానాకాలం ఒక్క పూట కూర్చుని మాట్లాడాలి. ఇస్త్రీ ఆవిడ కొడుకు అల్లుడి స్కూల్లో పరీక్ష రాసి తప్పాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లాడు. మళ్ళీ వీధి చివరి బడికే వచ్చాడు. రావడానికి ఆ బడి ఉంది, అంతే జరిగింది. ఇంతకు మించి గెలుపు ఆ సంఘం ఎన్నడూ చూడలేదు.

పిల్లాడిని తిరిగి చేర్చిన రోజు ఇస్త్రీ ఆవిడ దర్జీ కొట్టు పైగదికి వచ్చింది. అల్లుడు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. అత్తగారిని కారులో ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇస్త్రీ ఆవిడ ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంది.

“మీరే అడగొచ్చు కదమ్మా ఆ రోజు,” అన్నాడు అల్లుడు, ఏదో ఒకటి మాట్లాడాలని. “ఆవిడ చెవిలో ఊదడం దేనికి?”

“మేమడిగితే చదువురాని మొద్దులంటారు సార్,” అందామె. “అమ్మ అడిగితే చెవుడంటారు. నవ్వితే అమ్మని చూసే నవ్వుతారు. మొదటినుంచీ అంతే. ఏ సభైనా మా ముందే కూర్చుంటుంది.”

డ్రాయింగు మాస్టారు కుంచె కడుగుతూ, “నాకు ముందే తెలుసు,” అన్నాడు. ఆయనకు ముందే తెలియనిది ఏదీ ఉండదు, అయ్యాక.

అల్లుడు వార్షికోత్సవంలో కూడా రానంత ఆవేశంతో మొదలుపెట్టాడు. “మా అత్తయ్యకి చెవుడేంటండీ! దూది కిందపడినా వింటారు! ఇన్నేళ్ళు ఆ భోజనాల బల్ల దగ్గర నేను గొణిగిన ప్రతి మాటా విన్నారు. నా స్కూలు గురించి, ఆవిడ నోటి గురించి, ఒక్కటి వదలకుండా అన్నీ విన్నారు! ఒక్కటైనా నలుగురిలో అన్నారా? ఆ రెండు చెవులకీ దండం పెట్టాలి!”

అత్తగారు సంచీ సర్దుకుని, ఆయన వైపు తిరిగింది.

“రెండు చెవులు కాదు అల్లుడు గారూ, ఒకటే. ఎడమ చెవి నిజంగానే పోయింది. మీరే ఎప్పుడూ కుడిపక్కన కూర్చునేవారు.”