లగ్గు కింద నీలం

మా డ్రమ్ముల మాస్టరు చనిపోయిన సంగతి నాకు మూడో ఫోనుకు గానీ తెలియలేదు. తెలియని నంబరు. లోను ఇస్తామనే వాళ్లేమో అనుకుని రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి ఎత్తితే ఆయన భార్య. "పొద్దున పోయినాడు నాయనా, పెనుకొండకు రా" అని పెట్టేసింది. బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది, తెలియని నంబరు ఎత్తొద్దని నాకు చెప్పింది ఆయనే.

ఆయన ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టారు. మగ్గం వదిలి పెళ్లి బ్యాండులో డ్రమ్ము పట్టారు. తర్వాత హిందూపురం బస్టాండు వెనక సందులో డ్రమ్ములు బాగుచేసే అంగడి పెట్టుకున్నారు. ఇల్లు పెనుకొండ. రోజూ బస్సులో పోయి వచ్చేవారు. నేను సోమందేపల్లి దగ్గర పల్లెలో సేద్యం చేస్తాను, ఆదివారాలు మా చర్చిలో డ్రమ్ములు వాయిస్తాను. ఆ వాయించడం నాలుగేళ్లు ఆయన అంగట్లోనే నేర్చుకున్నాను.

ఎవరినీ నమ్మే మనిషి కాదు. టీ వస్తే తెచ్చినవాడి ముందే వాసన చూసేవారు. ట్యూబులైటు వేశాక ఎవరైనా డ్రమ్ము తెస్తే దించుకునేవారు కాదు. "పొద్దున తీసుకురాపో. మా నాయన లైటు కింద చీర చూపిచ్చేవాడు కాదు. నేను డ్రమ్ము చూడను" అనేవారు. అంగడి తాళానికి ఎన్ని చెవులున్నాయో ఎవరికీ తెలియకూడదని ఒక్కో చెవి ఒక్కో ఊళ్లో చేయించేవారు.

పాత డ్రమ్ముల చుట్టూ పలుచని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాని రంగే డ్రమ్ము రంగు. మన వైపు బ్యాండుల్లో ఎక్కువగా కనిపించేది ముత్యం తెలుపు, ఆ తర్వాత మెరుపు రజను ఉన్న ఎరుపు. నీలం తక్కువ. ఆకుపచ్చ మెరుపు, నెమలికంఠం లాంటివి తన వయసులో ఒకటో రెండో చూశానని చెప్పేవారు. చూసినవాటిని కూడా నమ్మలేదు. "దొరకని రంగు అని ఎవడన్నా చెప్తే, ఎవనికి దొరకలేదో ముందు అడగల్ల" అనేవారు.

మా చర్చిలో ఒక పెద్ద డ్రమ్ము ఉంది. ఎప్పుడో మిషన్ వాళ్లు వదిలిపోయింది. ఆకుపచ్చ మెరుపు. దాని మీద మైకు వైర్లు చుట్టి పెట్టేవాళ్లం. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లికి బెంగళూరు నుంచి వచ్చిన మనిషి, పాత డ్రమ్ములు కొనే ఆయన, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఈ రంగు తాను ఫోటోల్లోనే చూశానని, మళ్లీ వస్తానని చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే దానికి దుప్పటి కప్పారు. చర్చి కప్పు వానకు కురుస్తూ ఉండేది. ఆ డ్రమ్ము అమ్మితే కొత్త రేకులు వేయవచ్చని అందరికీ ఆశ పుట్టింది.

బెంగళూరు ఆయన వచ్చేలోపు దాని చిరిగిన తోలు మార్పించాలని చర్చి పెద్ద నాకు అప్పగించాడు. పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. "మీ మాస్టరుకిచ్చేముందు లోపల గుర్తు పెట్టప్పా. డ్రమ్మే మార్చినా మనకి తెలియల్ల."

నేను పెట్టాను. మేకుతో లోపలి చెక్క మీద అడ్డం, నిలువు గీశాను. నాలుగేళ్లు నేర్చుకున్న చేత్తోనే.

వారం తర్వాత అంగడికి పోతే ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"ఏమప్పా, లోపల గీసింది నువ్వేనా?"

నేను వంగి కింద పడిన స్క్రూలు ఏరడం మొదలుపెట్టాను.

"గీసింది తప్పు కాదు. చెయ్యి పెడితే తగుల్తాండాది, అది తప్పు. దొంగోడైతే ఇట్లాంటి గీతే ఇంకోదాంట్లో గీసి నీకిస్తాడు. పెట్టేదేదో కనపడకుండా పెట్టాల గదబ్బా."

కోపం లేదు. పాఠం చెప్పినట్టే చెప్పారు. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని డ్రమ్ము పక్కనున్న ఒక లగ్గు ఊడదీశారు. తోలును బిగించే స్క్రూలు పట్టుకుని ఉండే ఇనుప ముక్కను మేము లగ్గు అంటాం. అది ఉన్నంత మేర, కింద తొడుగు నీలంగా ఉంది. చుట్టూ ఆకుపచ్చ.

"ఇది పుట్టినప్పుడు నీలం. పైపొర ఏండ్ల తరబడి ఎండకు పసుపెక్కింది. నీలం పడుగులో పసుపు పేక నేసినట్లు ఆకుపచ్చ అయింది. ఈ ముక్క కింద ఎండ పడలేదు, కాబట్టి నీలం మిగిలింది. మీకు దొరికింది దొరకని రంగు కాదు. కొనే ఆయనకు ఇది చూపిచ్చి అమ్మండి."

ఆయనే డ్రమ్ము వెంట మా చర్చికి వచ్చి పెద్దల ముందు ఆ లగ్గు తీసి చూపించారు. పెద్ద వంగి చూశాడు.

"మీ అంగడికి పోకముందు ఆకుపచ్చ. పోయొచ్చినాక నీలమా?" అన్నాడు. "చవక చేసి మీరే ఎత్తుకోవల్లనా, ఏమి?"

"ఇంకోటి తీసి చూడండప్పా. నేను బయట నిలబడతా."

"అన్నీ మీ చేతిలో వారం ఉన్నెవే గదా."

మాస్టరు నా వైపు చూశారు. ఆయన పని ఎలాంటిదో అక్కడ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నేను కురిసిన కప్పు మరకల వైపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ పూట నాక్కూడా అనుమానమే. ఆయన స్క్రూలు జేబులోంచి తీసి, లగ్గు మళ్లీ బిగించి, చెప్పులేసుకుని బస్సుకు పోయారు.

బెంగళూరు మనిషి వచ్చాడు, చూశాడు, ఆలోచించి చెప్తానన్నాడు. మళ్లీ రాలేదు. మాస్టరే ఫోన్ చేసి బేరం చెడగొట్టాడని ఊళ్లో అనుకున్నారు. ఆ తర్వాత చర్చి పని వేరేవాళ్లకు పోయింది. నేనూ అంగడికి పోవడం మానేశాను. సోమందేపల్లిలో ఆయన బస్సు ఆగినప్పుడు ఒకసారి కిటికీలోంచి చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. అంతే.

నిరుడు ఆ డ్రమ్ము కదిలించి ఊడుస్తుంటే అడుగు వైపు ఒక లగ్గు కనిపించింది. డ్రమ్ము అంగడికి పోకముందెప్పుడో కిటికీలకు పెయింటు వేసినప్పుడు పడిన చుక్కలు దాని స్క్రూల మీద గట్టిపడి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. అంటే ఆ స్క్రూలను మాస్టరు ముట్టుకోలేదు, ఎవరూ ముట్టుకోలేదు. చర్చిలో నేనొక్కణ్నే ఉన్నాను. చుక్కలు గీకి, లగ్గు తీశాను. కింద నీలం. మళ్లీ బిగించేశాను. ఆయనకు చెప్పాలనుకున్నాను. విత్తనాలు అన్నాను, కోతలు అన్నాను, ఏడాది గడిచిపోయింది.

దినాలు అయిన మరునాడు ఆయన భార్య నన్ను హిందూపురం అంగడికి రమ్మంది. పోయేసరికి తలుపుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా బత్తలపల్లి బ్యాండు ఆయన, ఆటోతో. లోపలున్న ఎర్ర డ్రమ్ము తనదంటున్నాడు.

"రసీదు ఇమ్మంటే లేదంటాడు" అంది ఆమె.

"మాస్టరు ఎవరికన్నా రసీదు ఇచ్చినాడా అక్కా? రాసిచ్చిన కాగితమే రేపు మన మీదికి వస్తాదనేవాడు."

 అది ఆయన మాటేనని మా ముగ్గురికీ తెలుసు.

"నన్నేంటికి పిలిచినారమ్మా?" అని అడిగాను.

"ఆయనే చెప్పిపెట్టినాడు. నాకేమన్నా అయితే ఆ చర్చిలో వాయించే ఆయన్ని పిల్చు, నన్నే అనుమానించినోడు ఇంకెవర్ని విడిచిపెడ్తాడు అన్నాడు."

అప్పుడు చెప్పాను. మా డ్రమ్ము నీలమేనని, నిరుడే చూశానని. ఆమె నన్ను తేరిపార చూసింది. "ఆయనకి చెప్పలేదా?" అంది. లేదన్నాను. ఆమె లేచి స్టూలు పక్కకు జరిపి దారి ఇచ్చింది.

నేను తోలు లేని ఎర్ర డ్రమ్మును లోపలే పక్కకు వాల్చి, బ్యాండు ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టి దాని గుర్తులు చెప్పమన్నాను. ఒక చీలికకు అతుకు వేయించానని, అతుకు చెక్క నల్లదని, ఎనిమిది లగ్గుల్లో ఒకటి పొట్టిదని చెప్పాడు. లోపల చూశాను, లగ్గులు లెక్కపెట్టాను. మూడూ సరిపోయాయి.

"ఆయనదేనమ్మా."

"మీరిద్దరూ ముందే మాట్లాడుకోలేదు గదా?"

"లేదమ్మా."

ఆమె పక్కకు తప్పుకుంది. మేమిద్దరం చెరొక వైపు పట్టి డ్రమ్ము బయటికి తెస్తుంటే ఆమె కూడా దాని మీద చెయ్యి వేసి పక్కనే నడిచింది. ఆటోలో పెట్టాము. బ్యాండు ఆయన దానికి తాడు కట్టి ముందు కూర్చున్నాడు. ఆటో కదిలింది. నాలుగడుగులు ఆమె దాంతోపాటే వచ్చింది, అరచెయ్యి ఆ ఎర్ర తొడుగు మీద అలాగే ఆనించి.