మిరపకాయల మంటే అనుకుంది

నేను పనిచేసే ల్యాబుకి మిగతా ఆసిడ్లన్నీ గాజు సీసాల్లో వస్తాయి, ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. గాజు సీసాలో పోస్తే సీసానే తినేస్తుంది. పేరు హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్. మేం పొట్టిగా హెచ్ఎఫ్ అంటాం. చీరాల వైపు నుంచి వచ్చే ఇసుకలోనూ, సిమెంటుకు వెళ్ళే సున్నపురాయిలోనూ సిలికా ఎంతుందో తేల్చాలంటే అది లేకుండా పని జరగదు. ఇసుకను కరిగించేది మనిషిని వదిలిపెడుతుందా అని కొత్తగా చేరిన వాళ్ళను మొదటి రోజే అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వకపోయేసరికి ఆపేస్తారు.

సల్ఫ్యూరిక్ ఆసిడ్ చేతి మీద పడితే మనిషి కేక పెట్టి కుళాయి దగ్గరికి పరిగెత్తుతాడు. ఆ కేకే అతన్ని కాపాడుతుంది. హెచ్ఎఫ్ అలా కాదు. నీళ్ళు కలిసి పలచబడింది పడితే ఏమీ తెలియదు, తడి తగిలిందనుకుని తుడిచేసుకుంటాం. అది చర్మంలోంచి మెల్లగా లోపలికి దిగి ఎముకలో ఉన్న కాల్షియాన్ని పట్టుకుంటుంది. నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అప్పటికీ పైకి చూస్తే చర్మం మామూలుగానే ఉంటుంది.

అందుకే దాని విషయంలో నేను చాదస్తంగా ఉంటాను. ఆవిర్లు బయటికి లాగేసే గాజు అర, ఫ్యూమ్ హుడ్, దాని బయట డబ్బా మూత తీయనివ్వను. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ముట్టుకోనివ్వను. చేతికి రెండు జతల గ్లవ్స్ ఉండాలి, పైది మందపాటిది కావాలి. వాడిన ప్లాస్టిక్ బీకర్లు ముందు సున్నపు నీళ్ళ తొట్టిలో నానాలి, తర్వాతే కడగడానికి వెళ్ళాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు బీరువాలో కాకుండా కళ్ళెదుట బల్ల మీద ఉండాలి. కాల్షియం కోసం లోపలికి పోయేదానికి దారిలోనే కాల్షియం దొరికితే అక్కడే ఆగిపోతుంది, దాని విరుగుడు అంతే. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ల్యాబంతటికీ తెలుసు. మేడమ్ కంటే ఆ ఆసిడే నయం, కాస్త ఆగి కాలుస్తుంది అని నా వెనక అనుకుంటారనీ నాకు తెలుసు. అనుకోనీ అని ఊరుకునేదాన్ని.

మా గిన్నెలూ బీకర్లూ కడిగే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్దది. నల్లపాడు దాటాక ఉన్న పల్లెలో వాళ్ళ ఇల్లు. భర్త పోయాడు, కూతురికి పెళ్ళయిపోయింది. ఆదివారం చర్చికి తెల్ల చీర కట్టుకుని వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ మా దగ్గర సింకు ముందు నిలబడేది. మిరప కోతలు మొదలయ్యాక మాత్రం ఆమెకు రోజుకి రెండు పనులు. తెల్లారకముందే కల్లంలో కూర్చుని కాయలకు తొడిమలు తీసి, తాలు కాయలు ఏరి, ఆ తర్వాత ఆటో ఎక్కి ల్యాబుకి వచ్చేది. ఆమె లోపలికి రాగానే మాకందరికీ దగ్గు వచ్చేది. చీర నిండా మిరప ఘాటు. మా కెమికల్స్ కంటే నువ్వే ప్రమాదం అక్కా అని ఏడిపిస్తే, "నా ఘాటుకి మీ సీసాలు పగులుతాయేమో చూసుకోండమ్మా" అనేది.

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళ చేతులు మండుతూనే ఉంటాయి. అదొక సంగతిగా ఎవరూ చెప్పుకోరు. నేను అలాంటి ఇంట్లోనే పుట్టాను. కోతల కాలంలో మా అమ్మ మాకు అన్నం కలిపి పెట్టేది కాదు, గరిటెతో వడ్డించి దూరంగా కూర్చునేది. నిద్రలో చెయ్యి కళ్ళకు తగులుతుందని చేతులకు పాత గుడ్డ చుట్టుకుని పడుకునేది. కొబ్బరినూనె రాసుకుంటారు, మజ్జిగలో ముంచుతారు, తెల్లారేసరికి తగ్గుతుంది, తెల్లారి మళ్ళీ కల్లానికే వెళ్తారు. చేతులు మండుతున్నాయని చెప్పే మనిషిని మా ఊళ్ళో నేను చూడలేదు. ఆకలేస్తోందనైనా చెబుతారు కానీ మండుతోందని చెప్పరు.

ఆ రోజు నన్ను పొన్నూరు దగ్గర ఒక రైస్ మిల్లుకి పంపారు, బాయిలర్ నీళ్ళ శాంపిల్స్ తీసుకురావడానికి. ల్యాబులో ఇసుక శాంపిల్స్ తెచ్చిన పార్టీ రిపోర్టు కోసం బయట కుర్చీలో కూర్చుని ఉంది. మా మేనేజరు గారు గంటకోసారి లోపలికి వచ్చి, "అయిందా, అయిందా, కానివ్వండమ్మా" అని తొందర పెట్టారట. హుడ్ దగ్గర పనిచేస్తున్న అమ్మాయి కొత్తది. ఆ హడావిడిలో వాడిన బీకర్లు సున్నపు తొట్టికి కాకుండా నేరుగా సింకుకి వెళ్ళిపోయాయి. మందపాటి గ్లవ్స్ అప్పటికి వారం కిందే అయిపోయాయి. ఇండెంటు పెట్టాను, వస్తాయి మేడమ్ అన్నారు, రాలేదు. అక్క చేతికి ఉన్నది పల్చటి జత. అందులో కుడి చేతి గ్లవ్‌కి వేళ్ళ దగ్గర చిల్లి పడింది. ఆ చిల్లిలోంచి దిగిన నీళ్ళు బయటికి పోవు, గ్లవ్ లోపలే వేళ్ళను తడుపుతూ ఉంటాయి. ఆమె ఆ గ్లవ్స్‌తోనే మొత్తం బీకర్లు కడిగింది.

నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అన్నాల వేళ దాటిపోయింది. అక్క వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. క్యారేజీ మూత తీసి ఉంది కానీ అన్నం ముట్టలేదు. మజ్జిగ గిన్నెలో కుడి చేతి వేళ్ళు ముంచి కూర్చుంది.

"ఏందక్కా, అన్నం తినలా?" అన్నాను.

"తింటాలేమ్మా. మిరపకాయల మంట. పొద్దున కాయ ఎండు మీదుంది గదా, బాగా పట్టింది."

అప్పటికే ఆమెను చాలామంది అడిగారు, అందరికీ ఇదే చెప్పింది. మేనేజరు గారు కూడా చూసి, కొబ్బరినూనె రాసుకో అని సలహా చెప్పి వెళ్ళారు. ఎవరూ అనుమానపడలేదు. మా ప్రాంతంలో మార్చి నెలలో ఒక ఆడమనిషి చేతులు మండుతున్నాయంటే ఇంకేం అనుకుంటారు?

నేనూ లోపలికి వెళ్ళబోయాను. ఆమె ఎడమ చెయ్యి ఒళ్ళో తీరుబడిగా ఉంది. మా అమ్మ రెండు చేతులకూ గుడ్డ చుట్టుకునేది. తొడిమ తీయడానికి రెండు చేతులూ కావాలి, ఒక చెయ్యి కాయ పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి గిల్లుతుంది. మిరపకాయ రెండు చేతుల్నీ సమానంగా మండిస్తుంది. కిందకి దిగి ఆమె కుడి చెయ్యి మజ్జిగలోంచి తీశాను. చూపుడు వేలూ, మధ్య వేలూ కొసన కొద్దిగా పాలిపోయి ఉన్నాయి. మిగతా చెయ్యి బాగానే ఉంది.

"ఈ రెండేనా అక్కా?"

"ఈ రెండేనమ్మా. లోపల ఎముకలో గుచ్చినట్టుంది. గోరు కింద మరీను."

ఆమెను సింకు దగ్గరికి లాక్కుపోయి కుళాయి కింద చెయ్యి పెట్టించాను. జెల్ ట్యూబు మొత్తం పిండి ఆ వేళ్ళకు రుద్దాను, ఇంకో గ్లవ్‌లో జెల్ నింపి ఆ చేతికి తొడిగాను. మజ్జిగలోనూ కాల్షియం ఉంటుంది, కానీ అప్పటికి ఆ ఆసిడ్ మజ్జిగకు అందనంత లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మాత్రం, "ఎందుకమ్మా ఇంత హడావిడి, తెల్లారితే అదే తగ్గుద్ది" అంటూనే ఉంది. ఆ రెండు వేళ్ళూ బొటనవేలూ కలిస్తేనే ఆమె తొడిమ గిల్లగలదు. మా దగ్గర బీకరు పట్టుకోవాలన్నా అవే కావాలి. ఆటోలో గుంటూరు వెళ్తున్నంతసేపూ నాకు ఆ రెండు వేళ్ళు తప్ప ఇంకేం కనిపించలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు. ఏమైందమ్మా అని అడిగితే అక్క, "మిరపకాయలండి" అంది. నేను ఆమె మాట తోసేసి, అది ఏ ఆసిడో, ఎన్ని గంటలైందో చెప్పాను. "నేనిలాంటి కేసు ఎప్పుడూ చూళ్ళేదండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతని మీద నాకు గౌరవం కలిగింది. తెలుసని నటించేవాడైతే ఏ ఆయింట్‌మెంటో రాసి పంపేసేవాడు. అతను పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుని వచ్చి, వేళ్ళలోకే కాల్షియం ఇంజెక్షన్లు ఇవ్వాలన్నాడు.

"నొప్పి తెలియకుండా మందు మాత్రం ఇవ్వనండి. నొప్పి పోయిందంటే ఆసిడ్ ఆగిందని లెక్క. ఉందంటే ఇంకా లోపలికి పోతోందని. మనకి వేరే గుర్తు లేదు, ఆవిడే చెప్పాలి," అన్నాడు. అక్క వైపు తిరిగి, "ఎంత నొప్పి ఉంటే అంత చెప్పమ్మా, దాచొద్దు" అన్నాడు. ఆమె తలూపింది.

వేలి కొసలో సూది దిగుతుంటే చూడటం నా వల్ల కాలేదు. గోడ వైపు తిరిగాను. ఆమె గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. కాసేపాగి డాక్టరు, "తగ్గిందా అమ్మా?" అన్నాడు.

"కాస్త తగ్గిందండి."

మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ అడిగాడు.

"తగ్గిందండి. బానే ఉంది."

"నిజంగానా?" అన్నాను నేను.

"నిజంగానమ్మా. హాయిగా ఉంది."

డాక్టరు ఊపిరి పీల్చుకుని సూది పక్కన పెట్టాడు. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. వేళ్ళు దక్కాయనుకున్నాను. ఆ రాత్రికి అక్కడే ఉంచారు. కూతురు వచ్చి తోడు పడుకుంది.

తెల్లారి వెళ్ళేసరికి ఆ రెండు వేళ్ళ కొసలూ బూడిద రంగుకి తిరిగాయి. చూపుడు వేలి గోరు కింద నలుపు. ముట్టుకుంటే చెక్కలా గట్టిగా ఉంది. రాత్రంతా అమ్మ కూర్చునే ఉందని, చెయ్యి పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ ఊగుతూనే ఉందని కూతురు చెప్పింది. ఏమైందమ్మా అని అడిగితే నిద్ర పట్టడం లేదే అందట. ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టారు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. తర్వాతి వారం చూపుడు వేలు పై కణుపు దాకా, మధ్య వేలి కొస మాత్రం తీసేశారు.

మేనేజరు గారు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. వరండాలోకి నన్ను పిలిచి, "ఆవిడే చెప్పింది కదండీ మిరపకాయలని, అందరూ విన్నారు" అన్నారు మెల్లగా.

"రెండే వేళ్ళను కాల్చే మిరపకాయ మీ చేలో పండుతుందా సార్?" అన్నాను.

"మీకు ఆవేశం ఎక్కువండీ," అన్నారాయన. ఎక్కువే. ఆ రోజు అది ఇంకా ఎక్కువ ఉంటే బాగుండుననిపించింది. మందపాటి గ్లవ్స్ ఆ వారమే వచ్చాయి.

నా కోపమంతా ఆయన మీదే అయితే సులువుగా ఉండేది. కానీ నాకు అక్క మీదా కోపం వచ్చింది. కట్టు మార్చే రోజు ఆమె మంచం పక్కన కూర్చుని అడిగేశాను. "డాక్టరు అంతలా చెప్పాడు కదా. నొప్పి ఉంటే ఉందని చెప్పమన్నాడు కదా. తగ్గిందని ఎందుకు చెప్పావక్కా? ఉందని ఒక్క మాట అంటే వేళ్ళు దక్కేవి."

ఆమె తప్పు చేసిన దానిలా దుప్పటి అంచు సరిచేసుకుంది.

"మొదటిసారి అడిగినప్పుడే చెబుదామనుకున్నానమ్మా. ఆ డాక్టరు బాబు మొహాన చెమటలు పట్టేశాయి. నువ్వా, గోడ వైపు తిరిగి నిలబడ్డావు. ఇంకా ఉందంటే మీ ఇద్దరూ ఏమైపోతారో అనుకున్నా," అంది. "నొప్పి ఉందని ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదమ్మా. ఎట్టా చెప్పాలో నాకు తెలీదు."

అంతలో కట్టు మార్చడానికి చిన్న వయసు నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. పాత గుడ్డ పుండుకి అంటుకుపోయింది. కొస పట్టుకుని లాగుతూ, "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు తల్లీ, నువ్వు కానివ్వు," అంది అక్క.

"ఉంది," అన్నాను నేను గట్టిగా. "ఆవిడకి నొప్పిగా ఉంది. నీళ్ళు పోసి నానబెట్టి మెల్లగా తియ్యండి."

నర్సు చెయ్యి ఆగిపోయింది. అక్క మంచి చేత్తో నా మోచెయ్యి నొక్కి, "ఊరుకోమ్మా," అంది, "కేకలేస్తే ఆ పిల్ల భయపడుద్ది." తర్వాత నర్సు వైపు తిరిగి నవ్వుతూ కుడి చెయ్యి మళ్ళీ ముందుకు చాపింది.