దోనె తగిలిందని చెప్పింది నేనే

మా అక్క రొమ్ములో గడ్డ ఉందని తెలియగానే ఇంటిల్లిపాదీ చూసింది మగ్గం వైపు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పందొమ్మిది వందల అరవైల మొదటి సంవత్సరాలు. అక్కా బావా నకిరేకల్ దగ్గరి ఊళ్లో చీరలు నేసేవాళ్లు. అక్కకు ముప్పై ఆరో ముప్పై ఏడో ఉంటాయి, వాళ్లకు ఒక్కతే కూతురు. ఆమె నేసే గుంట మగ్గానికి ముందు వైపు, నేసిన బట్ట చుట్టుకునే కర్ర ఉంటుంది. దాన్ని దోనె అంటాం. పోగు తెగినప్పుడల్లా దాని మీదికి వంగి ముడి వేయాలి. ఇంకేం, దోనె ఒత్తుకుని గడ్డ కట్టిందని అక్క అత్తగారు తేల్చేసింది, బావ తలూపాడు. ఊళ్లో నేసే ఆడవాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు, వాళ్లకెందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నల్లగొండలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే నేనూ అడగలేదు.

అక్కను నల్లగొండలో దవాఖానకు తీసుకెళ్లింది నేనే. బావ కూడా వచ్చాడు. డాక్టరు కుర్రవాడు. తల ఎత్తకుండా చీటీ రాసుకుంటూ, "ఎట్లా మొదలైంది?" అని అడిగాడు.

"నెలనెలా బయట ఉండేటప్పుడు సార్..." అని అక్క మొదలుపెట్టింది.

పక్కన బావ, ఎదురుగా పరాయి మగవాడు, తలుపు దాకా నిలబడ్డ జనం. అక్క చేయి గట్టిగా గిల్లి, "మగ్గం దోనె తగిలింది సార్" అన్నాను. ఆయన పైపైన ఒత్తి చూసి, పూతమందు రాసిచ్చి పంపేశాడు.

ఆ తర్వాత ఏడాది పాటు మా బావ వైద్యం చేశాడు, మగ్గానికి. దోనెను నాలుగు వేళ్లు కిందికి దించాడు. దానికి పాత బొంత ముక్క చుట్టి కుట్టాడు. నేను సెలవులకు వెళితే పిలిచి మరీ చూపించాడు.

"గిప్పుడు జర గూడ తాకది మరదలా. నువ్వే కూసోని చూడు."

కూర్చుని చూశాను. నిజంగానే తాకలేదు. బాగా చేశావని మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అక్క చంకలో కూడా చింతగింజంత గట్టిగా తగిలాక హైదరాబాద్ వెళ్లాం. అక్కడి డాక్టరు పెద్దాయన. బావను బయట కూర్చోమని, నేరుగా అక్కనే అడిగాడు, నెలసరికీ ఈ గడ్డకూ ఏమైనా సంబంధం కనిపించిందా అని. అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ముందుగాల ముట్టుకు నాలుగొద్దుల ముందు రెండు దిక్కుల గట్టివడి సలిపేది సార్. తలకు వోసుకున్నంక తగ్గేది. తర్వాత గీ ఒక్క గడ్డ మాత్రం తగ్గుడు బందైంది. ఏడాదిన్నర అయితాంది."

నల్లగొండలో ఆమె చెప్పబోయింది అదే. ఆయన కలం పక్కన పెట్టాడు. "నెలతో పాటు వచ్చిపోయే నొప్పికి సాధారణంగా భయపడక్కర్లేదమ్మా. పోకుండా నిలిచిపోయిన గడ్డను మాత్రం వెంటనే చూపించాలి. ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదా?"

"ఎవ్వరు అడగలే సార్" అంది అక్క. నన్ను ఒక్క మాట అనలేదు.

అది క్యాన్సర్ అని పరీక్షలో తేలింది. అప్పుడాయన విడమరచి చెప్పాడు. ఆడవాళ్ల పొత్తికడుపులో అండాశయాలుంటాయి, వాటిలో ఊరే హార్మోన్ రక్తంలో కలిసి నెలనెలా రొమ్మును పాలకు సిద్ధం చేస్తుంది. కొందరిలో ఈ గడ్డ కూడా అదే తాగి పెరుగుతుంది. అందుకని రొమ్ముతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మేలు కావచ్చు. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పలేం. భర్త సంతకం కావాలి.

భర్త సంతకం! గడ్డ ఆమెది, కడుపు ఆమెది. బావ చేయలేదు.

"రొమ్ముల గడ్డయితే పొట్ట కోసుడేంది? గా డాక్టర్‌కు ఎర్క లేదు" అన్నాడు. ఇంటికి వచ్చేశాం. డాక్టరు చెప్పిందే బొగ్గుతో గోడ మీద బొమ్మ గీసి మూడుసార్లు చెప్పాను. "బయట కూసునుడే బందైతే అది ఆడదెట్లయితది?" అని అత్తగారు గోడ కడిగేసింది. రెండు నెలలు అట్లాగే పోయాయి. బావ చెడ్డవాడేం కాదు. దొడ్లోకి వెళ్లి ఏడ్చేవాడు, వచ్చి మళ్లీ దోనె సవరించేవాడు. అదే నాకు ఇంకా మంట.

చివరికి అక్కే అంది, అన్నం ముందు కూర్చున్న ఆయనతో. "మగ్గం మస్తుగ చూసినవ్. నన్ను జర చూడు. నెలనెలా గీ గడ్డ ఏం చేస్తాందో నాకెర్క. గా డాక్టర్ చెప్పింది నిజమే."

మర్నాడే బయల్దేరి వెళ్లి సంతకం చేశాడు.

ఆపరేషన్ అయ్యాక అక్కకు ముట్టు ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు వచ్చేవి, విసనకర్ర వదిలేది కాదు. కానీ చంకలో మిగిలిన గట్టిదనం కరిగింది. మళ్లీ మగ్గమెక్కింది. ఏడాది బాగుంది. తర్వాత నడుము నొప్పన్నది. ఎముకల్లోకి పాకిందన్నారు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను అడిగితే డాక్టరు నొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

ఒక మధ్యాహ్నం, అప్పటికే మంచం దిగలేని అక్క, పధ్నాలుగేళ్ల కూతుర్ని పిలిచి నా ముందు నిలబెట్టింది.

"దీనికి నెలనెలా ఎట్లుంటాందో అడుగు. నాకు చెప్తలేదు. నువ్వు పంతులమ్మవు గద."

అడగమన్నది నన్ను! ఎట్లాగో, "యాడన్న నొప్పి ఉంటాందా బిడ్డా?" అన్నాను. పిల్ల మగ్గం దగ్గరున్న తండ్రి వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"ఏం లేదు చిన్నమ్మా."

"ఏం లేదంటే ఏంది? నోరు తెరిచి చెప్పు!" అని అరిచాను. ఇల్లు అదిరిపోయింది. బావ నేత ఆపేశాడు. పిల్ల ఏడుపందుకుంది.

అక్క మంచం మీది నుంచే చేయి చాపి నా చెంగు పట్టుకుంది.

"ఒర్రకు. మెల్లగ మళ్ల అడుగు."