ఆషాఢంలో కొన్న మధుపర్కాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్న ఆడవాళ్ళందరూ తమ రాశికి ఆదాయమెంతో, అవమానమెంతో చెవులొగ్గి వింటూంటే, గొడుగుపేట భ్రమరాంబ మాత్రం ముహూర్తాలు చెప్పేదాకా వత్తులు చేసుకుంటూ కూర్చునేది. వైశాఖంలో ఎన్ని లగ్నాలు, శ్రావణంలో ఎన్ని, మాఘంలో మూఢం ఉందా లేదా అన్నది విన్నాక లేచి ఇంటికి వెళ్ళి, బంధువుల ఇళ్ళల్లో పెళ్ళికెదిగిన పిల్లలెందరో, ఆ ఏడు పీటలెక్కేదెవరో వేళ్ళమీద లెక్కపెట్టుకునేది. ఆమె లెక్క ఎనిమిదేళ్ళలో రెండుసార్లే తప్పింది. రెండుసార్లూ మగపెళ్ళివారు మాట తప్పడం వల్లనే.

ఆమె భర్త సీతారామాంజనేయులు బందరు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా. జీతం ముప్పై ఐదు రూపాయలు. పెళ్ళైన రెండో ఏట ఒక్క వైశాఖమాసంలో నాలుగు పెళ్ళిళ్ళు వచ్చిపడ్డాయి. నాలుగింటా పరువుగా కనిపించాలని ఆయన భ్రమరాంబ మెడలోని కాసులపేరు తాకట్టు పెట్టాడు. అది మళ్ళీ ఇంటికి రాలేదు. వడ్డీ అసలును మించిందని తెలిసిన రోజున ఆమె ఏడవలేదు. భోజనం వడ్డించి, విస్తరి ముందు నిలబడి ఒక్కమాట అంది.

“ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో పెట్టుపోతల సంగతి నాకు వదిలెయ్యండి. మీరు అక్షింతలు వెయ్యండి, చాలు.”

ఆయన వదిలేశాడు. కష్టమైన పని మరొకరు నెత్తిన వేసుకుంటానంటే కాదనే స్వభావం కాదు ఆయనది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ వస్తువూ అవసరం వచ్చిన రోజున కొన్నది కాదు. కొత్త చింతపండు బళ్ళలో దిగే రోజుల్లో ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పుతో కుండల్లో కూరేది. వానలు పడి మడులు మునగకముందే ఉప్పు, తడవకముందే వంటచెరకు, కుప్పలు నూర్చిన వెంటనే ముదినేపల్లి నుంచి ధాన్యం. ఇక బట్టలకు ఆషాఢం. ఆ నెల శూన్యమాసం. పెళ్ళిళ్ళుండవు, కొత్తబట్టలు కొనేవాళ్ళుండరు. పెడనలో మగ్గాలు మాత్రం ఆగవు. నేసిన బట్ట నేసినట్టు మడతలు పడి ఉంటుంది. నేతగాళ్ళు నూలు ఖరీదు పైన రెండణాలు వస్తే చాలునని ఎదురుచూస్తూంటారు. భ్రమరాంబ బందరులో పొద్దున్నే రైలెక్కి పెడనలో దిగి, పోతయ్య మగ్గం దగ్గర ఏడాదికి కావలసిన చీరలూ, పంచెలచాపులూ, రవికెల గుడ్డలూ తీసుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. వేపాకు వేసిన రేకుపెట్టెలో ఒక్కొక్క బట్టకూ ఒక్కొక్క చీటీ కట్టి దాచేది.

ఆ పెట్టె సంగతి చుట్టాలందరికీ తెలుసు. అందులో ముహూర్తం నిశ్చయం కాని పెళ్ళిళ్ళూ, నెల తప్పని పురుళ్ళూ కూడా ఉన్నాయని నవ్వుకునేవారు. నవ్వనిచ్చేది. వాళ్ళకు తెలియనిది మరొకటి ఉంది. పెట్టె అడుగున, చింపిరి పంచె ముక్కలో మూటగట్టి ఆరేళ్ళుగా పోగుచేస్తున్న సొమ్ము.

దాని వెనుక కథ చిన్నదే. కోర్టులో ఎవరో వకీలుగారు రామేశ్వరం వెళ్ళివచ్చి, పాంబన్ దగ్గర రైలు సముద్రం మీద నడుస్తుందని చెప్పారట. భోజనాల దగ్గర భర్త ఆ కబురు చెప్పగానే భ్రమరాంబ చేతిలో గరిటె ఆగింది. ఆమె పుట్టింది దివిసీమలో, నాగాయలంకలో. బందరులోనూ, దివిలోనూ పిల్లలకు భయం చెప్పడానికి దయ్యాల అవసరం లేదు. ఉప్పెన ఒకటి చాలు. ఫలానా తాత తాటిచెట్టు పట్టుకుని బతికాడనీ, ఫలానా ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు మిగల్లేదనీ వింటూ పెరిగింది.

“సముద్రం మనమీదికి రావడమే విన్నానండీ ఇన్నాళ్ళూ. మనం దానిమీదికి వెళ్ళడం ఒకసారి చూడాలి,” అంది.

“రామేశ్వరమంటే మాటలా? ఇద్దరికీ రానూపోనూ, దారిఖర్చులూ కలిపి అరవై రూపాయలైనా కావాలి.”

“కావలసిందెంతో చెప్పారుగా. ఇక మీరు తినండి.”

1936లో ఆ అరవై నిండాయి. దసరా సెలవులకు ప్రయాణం నిశ్చయమైంది. పిల్లలిద్దరినీ నాగాయలంకలో తల్లి దగ్గర దింపే ఏర్పాటు కూడా జరిగింది. అంతలో శ్రావణ శుద్ధ దశమికి గుడివాడలో ఆడపడుచు కూతురు సీతారత్నం పెళ్ళి కుదిరింది. భ్రమరాంబ ఉలిక్కిపడలేదు. అది ఉగాదినాడే లెక్కలోకి వచ్చిన పెళ్ళి. మేనమామ పెట్టవలసిన మధుపర్కాలు, పెళ్ళికూతురికి చీర, వదినగారి దంపతులకు బట్టలు, అన్నీ చీటీలతో సహా పెట్టెలో ఉన్నాయి.

ఆడపడుచు నాగేంద్రమ్మది గుడివాడలో కలిగిన సంసారం. భర్త ఈశ్వరరావుకు ముప్పై ఎకరాల మాగాణి, రెండు ధాన్యం కొట్లు. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం చావడిలో చాపలు పరిచి, వచ్చిన బట్టలన్నీ పదిమందీ చూడటానికి పేర్చారు. మేనమామగారి పళ్ళెం రాగానే ఆడవాళ్ళు ముందుకు జరిగారు. ఎర్రంచు మధుపర్కాలు, దొండపండు రంగు చీర. నేత దగ్గరగా, మెత్తగా ఉంది. ఎవరో బాగున్నాయన్నారు కూడా.

నాగేంద్రమ్మ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

“బాగానే ఉన్నాయే అమ్మాయ్! ఏ కొట్లో?”

“కొట్లో కాదు వదినగారూ. పెడనలో, పోతయ్య మగ్గం దగ్గర.”

“అలాగా. ఎప్పుడు తెచ్చావు?”

ఆ ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో భ్రమరాంబకు అర్థమైంది. వెనకనే నిలబడ్డ భర్తకూ అర్థమైంది. ఆయన మెల్లిగా దగ్గి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు, “పోయినవారం అని చెప్పెయ్యి. ఎందుకొచ్చిన గొడవ,” అన్నాడు.

పోయినవారం. ఒక్క మాట. అది అంటే పళ్ళెం లోపలికి వెళుతుంది, దసరాకు రైలు కదులుతుంది. అనకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈ బట్టలన్నీ పక్కనపెట్టి గుడివాడ ధరకు మళ్ళీ కొనాలి. మూట సగానికి పైగా ఖాళీ అవుతుంది. కాని ఆ అబద్ధం ఇవాళ్టితో తీరదు. ఏటేటా ప్రతి పళ్ళెం ముందూ ఆడుతూనే ఉండాలి. ఎనిమిదేళ్ళుగా ఎండలో రైలు దిగి నడిచినదంతా తను చేసిన దొంగతనమని తానే ఒప్పుకున్నట్టవుతుంది.

“ఆషాఢ బహుళ పంచమినాడు,” అంది గట్టిగా.

చీర పట్టుకుని చూస్తున్న ముసలావిడ దాన్ని కాలిన పెనంలా పళ్ళెంలో వదిలేసింది.

“ఏవిటీ? శూన్యమాసంలోనా?” నాగేంద్రమ్మ గొంతు లేచింది. “పీటల మీద కూర్చునే పిల్లకి మేనమామ పెట్టే మధుపర్కాలు శూన్యమాసంలో కొన్నావా? నాలుగు రూపాయలు కలిసొస్తాయని నా కూతురి పసుపుకుంకాలతో బేరమాడావా?”

“బేరం పోతయ్యతో ఆడాను వదినగారూ. సీతారత్నంతో ఆడలేదు.”

“చూశారా నోరు! ఒరే తమ్ముడూ, నీ పెళ్ళాం నీకు మాట రాకుండా చేసిందనుకున్నాను. ఆ మాటలన్నీ తనే దాచుకుందన్నమాట, ఆ పెట్టెలో!”

నవ్వులు వచ్చాయి. సీతారామాంజనేయులు మొహం ఎర్రబడింది. “పోనీ అక్కయ్యా, వేరే కొనిస్తాను,” అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. ఈలోగా నాగేంద్రమ్మ బజారుకు కబురు పంపనే పంపింది. కాసేపటికల్లా బట్టలకొట్టు షావుకారు రాజబాబు, మూట మోసే మనిషితో వచ్చి చావడిలో దిగాడు.

“రండి రాజబాబుగారూ. మంచి మధుపర్కాలు తియ్యండి. మావాళ్ళు ఖరీదుకు వెనకాడరు,” అంది నాగేంద్రమ్మ, మరదలి వైపు చూడకుండా.

రాజబాబు మూట విప్పి, ఒక జత తీసి చాప మీద పరిచాడు. “ఇవి చూడండమ్మా. శ్రావణం పెళ్ళిళ్ళకని ప్రత్యేకంగా తెప్పించినవి. తొమ్మిదిన్నర. మీకు కాబట్టి తొమ్మిది.”

భ్రమరాంబ వంగి ఆ బట్ట చివర పట్టుకుని చూసింది. తన పళ్ళెంలోని మధుపర్కం తీసి దాని పక్కన పరిచింది. రెండింటి కొసల్లోనూ తెల్లనూలులో రెండు పసుపు పోగులు అడ్డంగా ఉన్నాయి.

“ఈ పసుపు పోగులు పోతయ్య తన గుర్తుగా వేసుకుంటాడు షావుకారుగారూ. ఇంకెవరూ వెయ్యరు. ఆవేళ నేను ఒక జత తీసుకుంటూంటే మిగతా నాలుగు జతలూ మీ గుమాస్తా మూటగట్టాడు. అన్నీ ఒకే పడుగు మీద నేసినవి. నన్ను చూసి, ‘ఆషాఢంలో వచ్చారేమిటమ్మా’ అని అడిగాడు కూడా. నువ్వెందుకొచ్చావో నేనూ అందుకే వచ్చానన్నాను. అవునో కాదో చెప్పండి.”

రాజబాబు ఒకసారి బట్టల వైపు, ఒకసారి ఈశ్వరరావు వైపు చూశాడు. ఆయన అరుగు మీద చుట్ట నలుపుతూ అంతా వింటున్నాడు.

“వ్యాపారం కదమ్మా,” అన్నాడు రాజబాబు చివరికి. “సరుకు చౌకగా ఉన్నప్పుడే తెచ్చుకుంటాం. ఆషాఢంలో తేకపోతే శ్రావణంలో మీకేం అమ్ముతాం?”

“నేను ఆరు రూపాయలకు తెచ్చాను. మీరు తెచ్చింది అంతకన్నా తక్కువకే. ఆ మూడు రూపాయల తేడాతో శూన్యం పోయి శుభం వస్తుందా వదినగారూ?”

నాగేంద్రమ్మ తడబడింది గాని తగ్గలేదు. “ఆయన ఎప్పుడు తెచ్చుకుంటే మనకేం? మన చేతికి వచ్చిన రోజే మనకు లెక్క. శ్రావణంలో వచ్చింది, శ్రావణం సరుకే!”

“సరే. మరి నా బట్టలు మీ చేతికి ఎప్పుడొచ్చాయి? ఇవాళేగా? అందాకా అవి నా పెట్టెలో ఉన్నాయి, ఈయనవి ఈయన కొట్లో ఉన్నాయి. కొట్టుకు లేని దోషం పెట్టెకు ఎలా వచ్చింది?”

“నీతో వాదించలేనే తల్లీ! కోర్టు వాసన ఇంటిదాకా కొట్టినట్టుంది. ఆషాఢం ఆషాఢమే. ఆ నెలది ఏదీ నా ఇంట్లో శుభానికి పనికిరాదు. అంతే!”

అప్పటిదాకా గుమ్మం పక్కన పారాణి ఆరబెట్టుకుంటూ కూర్చున్న పెళ్ళికూతురు తల ఎత్తింది.

“అమ్మా, నేను పుట్టింది ఆషాఢంలోనేగా?”

నాగేంద్రమ్మ కూతురి వైపు తిరిగింది.

“నన్ను కూడా అత్తయ్య పెట్టెలో పడేసి పంపించేస్తావా?”

ముందుగా అరుగు మీద ఈశ్వరరావు నవ్వాడు. చుట్ట పొగ గొంతుకు అడ్డంపడేంతగా నవ్వాడు. దాంతో చావడి అంతా పగలబడి నవ్వింది. చీర వదిలేసిన ముసలావిడే దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, “రంగు మాత్రం గట్టిదేనర్రా,” అంది. రాజబాబు ఎవరూ చెప్పకుండానే మూట కట్టుకున్నాడు.

నాగేంద్రమ్మ నవ్వలేదు. పసుపుగిన్నె తెప్పించి, భ్రమరాంబ తెచ్చిన ప్రతి బట్టకూ నాలుగు కొసలా దోషం పోయేటట్టు ముద్దగా పసుపు అద్దింది. చీర కొంగు మీద ఆ మరక చాలాకాలం ఉండిపోయింది. భ్రమరాంబ చూస్తూ నిలబడిందే గాని, వద్దనలేదు. భర్త జేబులోని చెయ్యి ఎప్పుడు బయటికి తీశాడో ఆమె గమనించలేదు గాని, ఖాళీగానే తీశాడు.

మర్నాడు సీతారత్నం ఆ మధుపర్కాలతోనే పీటల మీద కూర్చుంది.

చావడిలో గట్టిగా అన్న ఆ మాటకు ఖరీదు లేకపోలేదు. రెండేళ్ళపాటు గుడివాడ నుంచి ఏ శుభకార్యానికీ భ్రమరాంబకు బొట్టుపెట్టి పిలుపు రాలేదు. ఆషాఢపు చెయ్యి అని చాటుగా పేరు పెట్టారు. సీతారామాంజనేయులు బాధపడి, “ఒక్క అబద్ధంతో పోయేదిగా,” అంటే, “పిలవని పెళ్ళిళ్ళకు బట్టలు కొననక్కర్లేదు. వచ్చే ఏడు పెట్టెలో చోటు మిగులుతుంది,” అంది. కాని సీతారత్నానికి పురుడు వచ్చినప్పుడు మాత్రం పిలుపు కోసం చూడలేదు. కుట్టించి ఉంచిన పిల్లజుబ్బాలు రెండు సంచిలో వేసుకుని, అడ్డుచెప్పే తీరిక ఎవరికీ లేని వేళ చూసి తనే వెళ్ళింది.

అంతకు చాలా ముందే, పెళ్ళి జరిగిన ఆ ఏటి దసరాకే, వాళ్ళు రామేశ్వరం వెళ్ళారు. మండపం దాటి రైలు వంతెన మీదికి మెల్లిగా ఎక్కగానే రైలుపెట్టెలోని యాత్రికులందరూ కళ్ళు మూసుకుని దండాలు పెట్టుకున్నారు. సీతారామాంజనేయులు కూడా మూసుకుని, కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. భ్రమరాంబ కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, చక్రాల కింద కదులుతున్న నీళ్ళకేసి రెప్ప వెయ్యకుండా చూసింది. అలలు స్తంభాలకు కొట్టుకుని వెనక్కి పోతున్నాయి. తుంపర ఆమె మొహాన పడింది. తుడుచుకోలేదు. అవతలి ఒడ్డు వచ్చాకే లోపలికి జరిగి కూర్చుంది.

మూడో ఏట నాగేంద్రమ్మే బందరు వచ్చింది. కోర్టు పని మీద వచ్చిన భర్త వెంట వచ్చానని చెప్పుకుంది. కాఫీ తాగి, రేకుపెట్టె వైపు ఒకసారి చూసి, ఏదో అనాలి కాబట్టి అడిగింది.

“రామేశ్వరం వెళ్ళొచ్చావటగా. స్వామిని ఏం కోరుకున్నావే?”

“ఏం కోరుకోను వదినగారూ? ఏడాదికి కావలసినవన్నీ ముందే కొని పెట్టుకున్నాను.”

నాగేంద్రమ్మ గ్లాసు కింద పెట్టింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి ఆగి, అటువైపే తిరిగి అంది.

“చిన్నదానికి మాఘంలో చేద్దామనుకుంటున్నాం. మధుపర్కాలు మేనమామవే. ఎప్పుడు కొంటావో నాకు చెప్పకు.”

“చెబుతాను,” అంది భ్రమరాంబ. “అడిగితే.”