ఊసరవెల్లికి ఇల్లు కట్టిన అద్దాల తిహోమీర్

బెల్‌గ్రేడ్ పక్కనున్న మా పాంచెవోలో అద్దాల తిహోమీర్ చెయ్యి పడని కిటికీ లేదు. కోషవ గాలి లేచిందంటే ఊరంతా తలుపులు బిడాయించుకుని కూర్చునేది. ఆయన మాత్రం పాత వ్యానులో అద్దాలు వేసుకుని, పగిలిన కిటికీలు వెతుక్కుంటూ బయల్దేరేవాడు. జీవితమంతా ఆ గాలే ఆయనకు రొట్టె పెట్టింది. అయినా దాని మీద ఆయనకు కృతజ్ఞత లేదు సరికదా, పేరెత్తితే ఒళ్లుమంట.

ముఖ్యంగా ప్రొమాయ. అంటే ఈ కిటికీలోంచి దూరి ఆ తలుపులోంచి పోయే గాలి. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, పక్కింటాయన మూతి వంకరపోయినా తిహోమీర్ దగ్గర కారణం ఒకటే ఉండేది. మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు గానీ, ఆయనకున్నంత పట్టుదల ఎవరికీ లేదు. భోజనానికి పిలిచినవాళ్ల ఇంట్లో కూడా ముందు కిటికీలు తడిమి చూసి, ఆ తరువాతే కుర్చీలో కూర్చునే రకం.

అటువంటి మనిషి చేతికి ఏప్రిల్ నెలలో ఒక ఊసరవెల్లి వచ్చింది.

తెచ్చింది అల్లుడు గొరాన్. గుమ్మంలోనే నిలబడి, గుడ్డసంచి ఒకటి చేతికిచ్చాడు.

"మామయ్యా, వెస్నను బెల్‌గ్రేడ్ ఆస్పత్రిలో పడుకోబెట్టారు. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దన్నారు. నేనేమో రేపే లారీ ఎక్కి జర్మనీ పోవాలి. పాషాను మీరే చూసుకోవాలి."

"మరి వీడి పంజరం ఏదయ్యా?"

"ఇల్లు మారేటప్పుడు నా చేతిలోంచే జారి మెట్ల మీద ముక్కలైంది. ఏముంది, మీకు చేతిలో పని. కాస్త పొడుగ్గా ఉండాలి, బాగా గాలాడాలి, అంతే."

"గాలాడాలా?" అన్నాడు తిహోమీర్, చెవి సరిగ్గా పనిచేస్తోందో లేదో అన్నట్టు. అప్పటికే అల్లుడు సగం మెట్లు దిగిపోయాడు.

వెస్న తిహోమీర్ దంపతులకు ఒక్కతే కూతురు. ఇది ఆమెకు మూడో కడుపు. మొదటి రెండూ నిలవలేదు. రెండోది పోయాక ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడటం మానేస్తే, ఏం చెయ్యాలో తోచక గొరాన్ ఈ జీవిని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి తిప్పుతూ అది చూసిన చూపుకు ఆమె చాలాకాలానికి నవ్వింది. అందుకని పాషాకేమైనా అయితే వెస్న ఏమైపోతుందోనన్నదే ఆ ముసలి దంపతుల భయం. ఇద్దరూ ఆ మాట పైకి అనుకోలేదు గానీ ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

బిడ్డ సంగతి అసలే అనుకోకూడదు. పుట్టేదాకా బట్ట కొనకూడదు, మంచం సర్దకూడదు, పేరు తలవకూడదు. పుట్టని బిడ్డను పిలిస్తే వినకూడనివాళ్లు కూడా వింటారని మావాళ్ల నమ్మకం. వెస్న రోజూ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసేది. రోజూ ముగ్గురూ పాషా గురించే మాట్లాడుకునేవాళ్లు.

ఇక ఇంటి ఎంపిక మొదలైంది. పెంపుడు జంతువుల కొట్టులో కుర్రాడు అద్దాల పెట్టె మంచిదన్నాడు, ఎందుకంటే వాడి దగ్గర అదే ఉంది. ఎదురింటి రాద్మీలా, ఊసరవెల్లి దేని మీద కూర్చుంటే ఆ రంగుకు మారుతుంది కాబట్టి పెట్టె ఏదైనా రంగు ముఖ్యమంది. తిహోమీర్ భార్య యాగొద కళ్లజోడు పెట్టుకుని ఫోనులో చదివింది.

"ఇక్కడొకాయన అద్దంలో పెడితే చస్తుందంటున్నాడు. ఇంకొకాయన జాలీలో పెడితే ఎండిపోయి చస్తుందంటున్నాడు. కింద వీళ్లిద్దరూ తిట్టుకుంటున్నారు."

"ఎవరు గెలిచారు?"

"గెలిచేదేముంది, ఒకడు ఇంకొకడి తల్లిదాకా వెళ్లాడు."

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు తిహోమీర్. చివరికి తెలియని విద్యకు పోకుండా తెలిసిన విద్యనే నమ్ముకున్నాడు. అద్దం కోశాడు, అంచులు నూరాడు, మూలలకు సిలికాన్ పూసి వాసన పోయేదాకా ఆరబెట్టాడు. ఆయన జీవితంలో అంత శుభ్రంగా ఏ కిటికీ బిగించలేదు. గాలాడాలన్న అల్లుడి మాట గుర్తొచ్చి పైన వేలు పట్టేంత రంధ్రం ఒకటి వదిలాడు. బల్బు పెట్టాడు, అడుగున గిన్నెలో నీళ్లు పెట్టాడు, ఎండు కొమ్మ ఒకటి నిలబెట్టి పాషాను దాని మీద కూర్చోబెట్టాడు.

"చూడవే, మంత్రిగారి ఇల్లు కూడా ఇలా ఉండదు."

పాషా అద్దం వైపు చూసి నోరు తెరిచి బుస్సుమన్నాడు. మరునాటికి వాడి ఒళ్లు మాడిన రొట్టె రంగుకు తిరిగింది. నీళ్ల గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు. తిండికని కీచురాయిని వేస్తే, అది వాడి ముందే పెట్టెంతా షికారు చేసింది.

"చలేస్తోంది వాడికి. ఆ రంధ్రంలోంచే వస్తోంది ప్రొమాయ" అన్నాడు తిహోమీర్, పుట్టీ తెచ్చి ఆ రంధ్రం కూడా మూసేశాడు.

"వాడికి ఊపిరాడట్లేదేమోనయ్యా?"

"గాలి తగిలి పోయినవాళ్లను చూశాను గానీ, తగలక పోయినవాణ్ణి ఎక్కడన్నా చూశావా?"

దానికి మా ఊళ్లో ఎవరూ జవాబు చెప్పలేరు. రాద్మీలా సలహా మీద పెట్టె వెనక ఆకుపచ్చ తువ్వాలు కట్టారు. తువ్వాలు ఆకుపచ్చగానే ఉంది, పాషా నల్లగానే ఉన్నాడు. లోపల అద్దాలకు చెమట పట్టి, వాడు మసకమసగ్గా కనబడుతున్నాడు.

"ఏ రంగులో ఉన్నాడు నాన్నా?" అని ఫోనులో వెస్న అడిగింది.

తిహోమీర్ తువ్వాలు వైపు చూస్తూ "ఆకుపచ్చే తల్లీ" అన్నాడు.

"చూపించు మరి."

"ఇప్పుడే పడుకున్నాడు. లేపితే చిరాకు పడతాడు, వాడి కోపం నీకు తెలుసుగా."

ఫోను పెట్టేశాక యాగొద ఆ తువ్వాలు విప్పి మడత పెట్టింది. ఆ సాయంత్రానికి పాషా తల పైకెత్తి, నోరు తెరిచే ఉంచాడు. ముక్కు దగ్గర చిన్న బుడగ కనిపించింది. తిహోమీర్ వాణ్ణి తన ఉన్ని టోపీలో పెట్టుకుని, టోపీని కోటు లోపల పెట్టుకుని పశువుల డాక్టరు స్లావిత్సా దగ్గరికి పరుగు తీశాడు.

డాక్టరమ్మ వాడి నోట్లోకి చూసింది, ఛాతీ దగ్గర చెవి పెట్టి విన్నది, సూదిమందు వేసింది.

"ఎక్కడ ఉంచారు వీణ్ణి?"

తిహోమీర్ చెప్పాడు. మూలలు ఎలా మూసిందీ చెప్తున్నప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

"మీరు కూర్చుంటారా తాతా ఆ పెట్టెలో ఓ పూట? తడిగాలి కదలకుండా నిలిచిపోతే వీడి ఊపిరితిత్తులు కుళ్లిపోతాయి. పైగా అద్దంలో వీడికి ఇంకో ఊసరవెల్లి కనబడుతోంది. తెల్లారింది మొదలు వీడితో వీడే పోట్లాడుకుంటున్నాడు. రంగు తువ్వాలును బట్టి మారదు, ప్రాణం ఎలా ఉందో దాన్ని బట్టి మారుతుంది. పొడుగ్గా నిలువెత్తు పంజరం కావాలి. చుట్టూ జాలీ ఉండాలి, లోపల పచ్చని మొక్క ఉండాలి. గిన్నెలో నీళ్లు వీడికి నీళ్లలా కనబడవు. ఆకుల మీద చుక్కలు పడితే నాక్కుంటాడు. ఎత్తుగా ఒకవైపు మాత్రమే బల్బు పెట్టండి, చలేస్తే దగ్గరికి వస్తాడు, ఉక్కపోస్తే జరుగుతాడు. ఆలస్యం చెయ్యకండి."

"చుట్టూ జాలీనా? మరి ప్రొమాయ?"

"ప్రొమాయా లేదు గిమాయా లేదు. గాలి లేకపోతే చస్తాడు."

తిహోమీర్ ఆమె గది చుట్టూ చూశాడు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. డాక్టరమ్మ మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంది.

"నన్ను చూస్తారేం? నేను ఊసరవెల్లిని కాదుగా!" అంది డాక్టరమ్మ.

ఆయన ఇంటికి నడుస్తూ జీవితమంతా చేసిన పని మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయాడు. ఒకే గాలి ఒకరికి చావు, ఇంకొకరికి ప్రాణమట. బుర్రకు అందలేదు. అందేదాకా ఆగితే పాషా ఆగేలా లేడు.

జాలీకి కొదవ లేదు. ఎండాకాలంలో కిటికీలకు దోమల జాలీలు బిగించేది కూడా ఆయనే. కావలసింది నిలువెత్తు చట్రం. ఈస్టరుకని వడ్రంగి కొట్టు మూసి అత్తారింటికి వెళ్లాడు. తిహోమీర్ ఇల్లంతా టేపు పట్టుకుని తిరిగాడు. పుస్తకాల అర ఇరుకు, కోళ్ల గంప పొట్టి. చివరికి అటక ఎక్కాడు. అక్కడ దుప్పటి కింద చుట్టూ కొయ్య కడ్డీలతో వెస్న తొట్టిమంచం ఉంది. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండలేక దాన్ని తలవైపు కిందికి చేసి నిలబెట్టి చూశాడు. భుజం దాకా వచ్చింది. డాక్టరమ్మ కొలత చెప్పి చేయించినట్టుంది.

నిచ్చెన కింద నుంచి యాగొద అది చూసి కెవ్వుమంది.

"దింపొద్దు! నీకు మతి గానీ పోయిందా? బిడ్డ పుట్టకుండా తొట్టిమంచం దింపుతారా ఎక్కడన్నా? రెండుసార్లు పోయింది చాల్లేదా?"

"బిడ్డకు కాదే, పాషాకు."

"దిష్టికి తెలుస్తుందా ఎవరికోసమో?"

తిహోమీర్ అటక అంచున కూలబడ్డాడు. దింపితే ఏమవుతుందో తెలియదు. దింపకపోతే ఏమవుతుందో కింద టోపీలో నోరు తెరుచుకుని ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి.

"విడదీసి తెస్తే?" అన్నాడు.

"మళ్లీ బిగించాలిగా. బిగించడమంటే సిద్ధం చెయ్యడమే." యాగొద ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. తరువాత ఆ కొయ్య వైపు చూసింది. "పడుకోబెడితేనే అది తొట్టిమంచం. నిలబెడితే... నిలబెడితే ఏమో నాకు తెలియదు. కానీ తొట్టిమంచం మాత్రం కాదు."

"అంటే?"

"అంటే నిలబెట్టే దింపు. ఈ ఇంట్లో ఒక్క క్షణం కూడా అడ్డంగా పెట్టడానికి వీల్లేదు. పెట్టావో, నిన్నూ దాన్నీ కలిపి కోషవలోకి తోసేస్తా."

అటక నిచ్చెన మీంచి తొట్టిమంచాన్ని నిలువుగా దింపడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుస్తుంది. నేను రాద్మీలాతో పాటు గుమ్మంలో నిలబడి చూశాను. పైనుంచి ఆయన తాడు పట్టుకున్నాడు, కింద నుంచి ఆవిడ శిలువ గుర్తు వేసుకుంటూ మంచం కాళ్లు పట్టుకుంది. సున్నం రాలింది, దీపం పగిలింది. "అడ్డం తిరుగుతోంది, అడ్డం తిరుగుతోంది!" అని ఆవిడ అరుపులకు కింది అంతస్తు కుక్క కూడా అందుకుంది. మొత్తానికి నిలబడే దిగింది.

ఆ తరువాత పని చకచకా సాగింది. మూడు వైపులా జాలీ కొట్టాడు. ముందువైపుకు వంటింటి కిటికీ జాలీ చట్రాన్ని తలుపుగా పెట్టాడు. మెట్ల దగ్గరున్న మందార కుండీని అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా ఎత్తుకొచ్చి లోపల పెట్టాడు. రేగిపళ్లంత మొగ్గలున్న ఆ కొమ్మల మధ్య ఎండు కొమ్మలు అడ్డంగా కట్టాడు. పెరుగు డబ్బాకు సూదితో బెజ్జం చేసి, నీళ్లు పోసి పైన వేలాడదీస్తే, ఆకుల మీద ఒక్కో చుక్కా పడసాగింది. పైన ఒకవైపు బల్బు తగిలించి, పంజరాన్ని బల్ల మీదికి ఎత్తి పెట్టాడు. ఇక కిటికీ మిగిలింది. తిహోమీర్ మెడకు గుడ్డ చుట్టుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని, యాగొదను పక్క గదిలోకి పొమ్మని, కిటికీని రెండు వేళ్లంత తెరిచాడు.

పాషా కొమ్మ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సూదిమందులు అయ్యేదాకా ఆయన ఉదయమూ సాయంత్రమూ వాణ్ణి డాక్టరమ్మ దగ్గరికి మోశాడు. ఒక పొద్దున మందార ఆకు మీద చుక్క పడితే పాషా నాలుక చాపి నాకాడు. ఇంకో చుక్క నాకాడు. నెమ్మదిగా నల్లదనంలోంచి పచ్చదనం, దాంట్లోంచి పసుపు చారలు తేలాయి. ఆ మధ్యాహ్నం కీచురాయి షికారు మధ్యలోనే ఆగిపోయింది. తిహోమీర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఎవరూ చూడలేదనుకున్నాడు.

వెస్న ఫోను చేస్తే ఈసారి తానే వీడియో పెట్టాడు.

"చూడు, ఆకుపచ్చ! నేను చెప్పలా?"

"అబ్బ, ఎంత బాగున్నాడో! పంజరం నువ్వే చేశావా? కాస్త కిందికి దించు ఫోను... ఇంకాస్త... నాన్నా, ఆ కడ్డీ మీద పళ్ల గాట్లు ఎవరివి?"

తిహోమీర్ ఫోను పక్కకు తిప్పాడు. అక్కడ యాగొద ముఖం కనిపించింది. మళ్లీ ఇటు తిప్పాడు.

"నీవే. కానీ నిలబెట్టాం తల్లీ, నిలబెడితే అది తొట్టిమంచం కాదు. ఒక్కసారి కూడా పడుకోబెట్టలేదు. మీ అమ్మనడుగు."

ఫోనులో వెస్న భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు తెలియలేదు. తను ఏ తప్పు చేశాడో, ఎక్కడ చేశాడో కూడా తెలియలేదు.

"ఇన్ని నెలల్లో ఒక్కరంటే ఒక్కరు బిడ్డ మాటెత్తలేదు నాన్నా" అంది వెస్న. "నువ్వెత్తలేదు, అమ్మ ఎత్తలేదు. గొరాన్ కూడా పాషా తిన్నాడా అనే అడుగుతాడు. ఇదీ నిలవదని మీరందరూ అనుకుంటున్నారేమో అనుకున్నా. నేనొక్కదాన్నే ఎదురుచూస్తున్నానేమోనని."

"లేదు తల్లీ, లేదు..." అన్నాడు తిహోమీర్.

"వాడు దాంట్లో ఉంటే మరి బిడ్డెక్కడ పడుకుంటుంది?"

ఆ మాట అలా బాహాటంగా వినగానే అలవాటు కొద్దీ యాగొద చెయ్యి శిలువ గుర్తుకు లేచింది. సగంలో ఆగిపోయింది. ఆవిడ వచ్చి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"పండగవ్వగానే వడ్రంగి వస్తాడు, మీ నాన్న పాషాకు వేరే కడతాడు. తొట్టిమంచం పరుపు కూడా అటక మీదే ఉందే అమ్మాయీ. రేపు దింపి ఎండలో వేస్తా."