అటువైపు నుంచి రావాల్సింది

నేను కుక్కల మనిషిని కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. వీధిలో కుక్క ఎదురైతే కళ్ళు రాయి కోసం వెతికే రకాన్ని. ఏలూరులో తమ్మిలేరు గట్టుకి దగ్గర్లో, చుట్టూ ప్రహరీ ఉన్న రెండు గదుల ఇల్లు మాది. ఉండేది ఇద్దరమే. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన రోజూ పాసింజరు రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడ తవుడు వ్యాపారి దగ్గర గుమాస్తా పని చేసి వచ్చేవారు. రైసుమిల్లుల తవుడు కొల్లేటి చేపల చెరువులకి మేతగా తోలించడం ఆయన పని.

మొదటి కుక్క ఆ గూడెం నుంచే వచ్చింది. ఒక వానాకాలం సాయంత్రం క్యారేజీ సంచిలో పెట్టి తెచ్చారు. అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో గోనెల కింద తల్లి లేకుండా పడుందట. సంచి విప్పగానే ఇల్లంతా కుళ్ళిన ఉల్లిపాయల కంపు. లోపల ఓ నల్లటి పిల్ల, పొట్టొకటే ఉంది దానికి. నేను నానా మాటలూ అన్నాను. నా తిట్లు ఆయనకి వాన చినుకుల్లాంటివి, తల తుడుచుకుని లోపలికి పోతారు. పేరు పెడితే ఉండిపోతుందని నేను పెట్టనివ్వలేదు. గూడెంవాడు, గూడెంవాడు అని పిలుస్తూ ఉంటే అదే పేరైపోయి, వాడూ ఉండిపోయాడు.

వాడంత తిండిపోతునీ, పిరికిసన్నాసినీ నేను మళ్ళీ చూడలేదు. ఉరిమితే మంచం కింద. దీపావళికి బియ్యం డబ్బా వెనకాల. దొంగొస్తే తోకాడించి దారి చూపిస్తాడని మా ఆయన్ని దెప్పుతూ ఉండేదాన్ని.

రెండోది రెండువేల ఆరులో వచ్చింది, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెంచిన రోజుల్లో. సరస్సు లోపల చెరువులు వెయ్యకూడదని ఎప్పట్నుంచో తగాదా నడుస్తూ ఉంది, చివరికి పొక్లెయిన్లు దిగాయి. ఎవరిది తప్పో తేల్చేదాన్ని నేను కాదు. చేపలు పోయినవాళ్ళ ఏడుపూ విన్నాను, నీళ్ళకి దారి దొరికిందని సంతోషపడ్డవాళ్ళ మాటా విన్నాను. మండవల్లి వైపు ఒక చెరువు మకాంలో, అంటే గట్టు మీద కాపలావాళ్ళుండే గుడిసెలో, తవుడు బస్తాలు మిగిలిపోయాయి. అవి నీళ్ళపాలు కాకుండా వెనక్కి తేవడానికి మా ఆయన లారీలో వెళ్ళారు. బస్తాలతో పాటు ఈవిడ గారు కూడా దిగింది.

ఎర్రటి ఆడకుక్క. గట్టు పెళ్ళ విరిగి నడుం మీద పడిందట. వెనక కాళ్ళు రెండూ చచ్చుబడిపోయి, గోనెలో చుట్టి తెస్తే తడిబట్టలాగా వేలాడుతున్నాయి. కాపలా మనిషీ, అతని పెళ్ళామూ సామాన్లు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతూ, దీన్నెక్కడికి మొయ్యగలమండి అన్నారట, దాని వంక చూడకుండా. ఈయన గారు మోసుకొచ్చారు. గూడెంవాడు దాన్ని చూసి మంచం కిందకి పోయాడు.

పశువుల ఆసుపత్రి డాక్టరుగారు వెన్నుపూస మీద వేళ్ళు పెట్టి చూసి, ఒక ఇంజక్షనుతో పంపించేస్తే దానికీ సుఖం, మీకూ సుఖం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అంతవరకూ దాన్ని ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్నదాన్నే, కానీ నా సుఖం సంగతి ఇంకొకళ్ళు తేల్చేస్తే నాకు పడదు. ఇంటికి తీసుకుపోతాం అని లేచాను. అది బతికింది నా దయవల్ల కాదు, నా పొగరువల్ల.

ఆ పొగరుకి తగ్గ చాకిరీ కూడా దొరికింది. దాని పొత్తికడుపు నొక్కి ఒంటేలు పోయించాలి. పొద్దున ఒకసారి, బడికెళ్ళే ముందొకసారి, వచ్చాక ఇంకోసారి. లేకపోతే లోపలే నిలవుండిపోయి విషమైపోతుందని డాక్టరుగారు చెప్పారు. ఎలా నొక్కాలో ఆయనే చేసి చూపించారు. నేలకి ఒరుసుకుని తొడల మీద చర్మం లేచిపోయేది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసి, నా పాత లంగా గుడ్డ సంచీలా కుట్టి తొడిగేదాన్ని. మా ఆయన వెల్డింగు షాపులో పిల్లల సైకిలు చక్రాలతో ఒక బండి చేయించారు. పట్టీలన్నీ కొరికి పారేసింది. ముందుకాళ్ళతో పాకడమే దానికి ఇష్టం. కొల్లేటిది కదా, మొండితనం నీళ్ళల్లోనే ఉంటుందేమో.

ఇదంతా ఓర్చుకోవచ్చు. నన్ను భయపెట్టింది దాని పొద్దుటి నడక.

ఇంకా సరిగ్గా వెలుగు రాకముందే లేచేది. మెట్ల దగ్గర నుంచి కుడిచేతి వైపు గోడ పట్టుకుని, ఒళ్ళీడ్చుకుంటూ, ఇంటి వెనక్కి పోయేది. దారిలో ఎక్కడా ఆగదు, ఏదీ వాసన చూడదు. పెరట్లో బట్టలుతికే బండ ఉన్న మూలకి చేరి అక్కడ ఆగిపోయేది. ఆగి, ఎడమ వైపు నుంచి వచ్చే గోడ వెంట చూసేది. చెవులు నిలబెట్టి, ఎవరో వస్తున్నట్టే చూసేది. ఉన్నట్టుండి ముందుకాళ్ళు వణికేవి, గొంతులో సన్నగా ఒక కూత వచ్చేది. ఆ క్షణంలో నేను కూడా అటు చూసేదాన్ని. గోడే ఉండేది. గోడ మీద నాచు ఉండేది. మళ్ళీ దాని చెవులు వాలిపోయేవి, కానీ కదిలేది కాదు. ఎండెక్కేదాకా అక్కడే. గంజి తీసుకెళ్ళి ముందు పెడితే మొహం తిప్పుకునేది.

నిజం చెప్పొద్దూ, పొద్దున్నే పెరట్లోకి పోవాలంటే నాకు భయమేసేది. పళ్ళు తోముకుంటూ ఉంటే వీపు వెనక ఎవరో నడిచినట్టు ఉండేది. పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, దానికేదో కనబడుతోందండీ, నిమ్మకాయలు కట్టించండి అన్నారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, నిమ్మకాయలు కట్టుకుంటే ఆదివారం మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మా పాస్టరుగారినే పిలిచాం. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. అది గుర్రుపెట్టి నిద్రపోయింది. తెల్లారగానే మళ్ళీ మూలకి పోయింది.

రానురాను డొక్కలు లెక్కపెట్టేలా అయిపోయింది. తొడల మీద పుళ్ళు మానడం మానేశాయి. కట్టేస్తే తాడు బిగుసుకునేదాకా గుంజుకునేది. మధ్యాహ్నం ఓ పిడికెడు తినేది, అంతే. డాక్టరుగారు చూసి, ఈ పాకడం ఆగకపోతే, తిండి తినకపోతే, ఈ వానలు దాటదండీ అన్నారు. ఈసారి ఇంజక్షను మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండు, పోట్లాడ్డానికైనా ఉండేది అనిపించింది నాకు. ఎప్పుడు పడిందో తెలీదు, దానిమీద ప్రాణం పడిపోయింది. ఆ కుక్క చచ్చిపోకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

దసరా సెలవుల్లో మా ఆయన్ని బయల్దేరదీసి కైకలూరు బస్సెక్కాను. ఆ కాపలావాళ్ళు మండవల్లి దగ్గర ఊళ్ళో చుట్టాల పంచన ఉన్నారని ఆయనకి తెలుసు. కొల్లేరు దాటుతూ ఉంటే కిటికీలోంచి చూశాను. ఎటు చూసినా నీళ్ళే, ఆ నీళ్ళల్లో తెగిన గట్ల ముక్కలు అక్కడక్కడా పైకి తేలి ఉన్నాయి. వాటిమీద కొంగలు నిలబడి ఉన్నాయి.

కాపలా మనిషి పనికి పోయాడు. ఆయన భార్య చేపలారేసిన పట్టా పక్కన కూర్చోబెట్టి మాకు టీ ఇచ్చింది. కుక్క బతికుందని చెప్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున్నే మూలకి పోయి కూర్చుంటోందమ్మా, ఎందుకో అంతు పట్టట్లేదు అన్నాను.

"అవి రెండండీ," అంది. "తెల్లారగట్ల కొంగలు, నీటికాకులు దిగే వేళకి వాటిని తరుముతూ చెరువు చుట్టూ తిరిగేవండి. ఇదేమో కుడిచేతి గట్టు, మగదేమో ఎడమచేతి గట్టు. అవతల తూము దగ్గర రెండూ కలిసేవి. ఒకదాన్నొకటి వాసన చూసుకుని, కలిసి మకాంకి వచ్చేవండి. వచ్చాకే గంజి పోసేవాళ్ళం. ఒక్కటే వస్తే పోసేవాళ్ళం కాదు, రెండోదాన్ని తీసుకురా పో అనేవాళ్ళం."

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. రెండోదేమైందని నేనే అడిగాను.

గట్టు తెంచినప్పుడు మగది తూము దగ్గరే ఉందట. మధ్యలోకి నీళ్ళు వచ్చేశాయి. కాపలా మనిషి దోనె వేసుకుని వెళ్తే ఎక్కనివ్వలేదు, పళ్ళు చూపించింది. ఇది రాకుండా అది ఆ చోటు వదలదు మరి. కొన్నాళ్ళు అన్నం పట్టుకెళ్ళి గట్టు మీదకి విసిరి వచ్చేవాడట. ఒకసారి పెద్ద వాన పట్టింది. తెరిపిచ్చాక వెళ్తే తూమూ లేదు, ఆ గట్టు ముక్కా లేదు.

"ఏ ఒడ్డుకైనా చేరిందేమోనండి," అంది ఆవిడ, మా కోసం. తనకి నమ్మకం లేదని మొహమే చెప్తోంది.

తిరుగు బస్సులో మా ఆయన ఒక సంగతి చెప్పారు. ఆ రోజు మా కుక్కని లారీ ఎక్కిస్తూ ఉంటే అవతలి గట్టు మీద ఒకటి మొరుగుతూనే ఉందట. నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఉంది కదా, దానికేం, బాగానే ఉంది అనుకున్నారట. ఏమనను? నేనున్నా అదే అనుకుందును. దెబ్బ తగిలినదాన్నే కదా ఎవరైనా ఎత్తుకుంటారు.

కుక్కకి చావు కబురు ఎలా చెప్తాం? చెప్పలేం. ఆ రాత్రంతా అదే బాధ నన్ను తినేసింది. తెల్లారి లేచి గూడెంవాడి మెడకి తాడు కట్టాను.

వాణ్ణి ఎడమ గోడ వెంట నడిపించుకుంటూ మూలకి తీసుకెళ్ళాలని నా ఆలోచన. మొదటి రోజు సగం దారిలో కూలబడ్డాడు. మర్నాడు ఎండు మెత్తళ్ళు, అవే ఎండబెట్టిన చిన్న చేపలు, చూపిస్తూ లాక్కెళ్ళాను. కొల్లేటిది వాణ్ణి చూసి గుర్రుమంది, వాడు తాడు తెంపుకుని పారిపోయాడు. సిగ్గులేదురా నీకు అని పెరట్లో నిలబడి వాడిమీద కేకలు వేస్తే మామ్మగారు గోడ మీంచి తొంగి చూశారు. అయినా వదల్లేదు. రోజూ మెత్తళ్ళు, రోజూ తాడు. చివరికి ఒక పొద్దున వాడు మూలకి వెళ్ళి తలొంచి నిలబడ్డాడు. అది ముక్కు చాపి వాడి మూతి, చెవులు, మెడ అన్నీ వాసన చూసింది. చూసి, వెనక్కి తిరిగి మెట్ల దగ్గరికి పాక్కుంటూ వచ్చింది. వాడు వెనకే వచ్చాడు. గంజి పోస్తే అడుగు దాకా తాగింది. నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

అప్పట్నుంచి అది తిన్నది. పుళ్ళు మానాయి, ఆ వానలు దాటింది, ఆ తర్వాతి వానలూ దాటింది. కొన్నాళ్ళకి తాడూ అక్కర్లేకపోయింది, మెత్తళ్ళూ అక్కర్లేకపోయాయి. ఆ తిండిపోతు వెధవ వెలుగు రాకముందే లేచి తన గోడ పట్టుకుని తను పోయేవాడు. పనిలో చేరినవాడిలా పెద్దరికం వచ్చింది వాడికి. కానీ వాణ్ణి చూసి తన తోడే వచ్చిందని అది మోసపోయిందని మాత్రం నేననుకోను. వాసన చూడడం అయ్యాక, తిరిగి వచ్చేముందు, ఆ గోడ వెంట ఒక్కసారి చూసేది. ఒక్క రోజు కూడా ఆ చూపు మానలేదు. నేను మాత్రం అటు చూడ్డం మానేశాను, ధైర్యం చాలక.

కిందటేడు వానాకాలంలో పోయింది. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. రెండు రోజులు నా చీర మీదే పడుకుని, మధ్యాహ్నం పూట ఊపిరి వదిలింది. మా ఆయన తమ్మిలేరు గట్టున గొయ్యి తీశారు. గూడెంవాణ్ణి తీసుకెళ్ళి చూపించాం, వాసన చూశాడు, తోక ముడుచుకున్నాడు. తెలిసిందిలే అనుకున్నాం.

మర్నాడు తెల్లారగట్ల గోళ్ళ చప్పుడు వినబడింది. వాడు లేచి ఎడమ గోడ వెంట పోతున్నాడు. మూలకి చేరి నిలబడ్డాడు. కుడి గోడ వెంట చూస్తున్నాడు. మెట్ల మీంచి పిలిచాను, రాలేదు. గంజి ముందు పెట్టాను, మొహం తిప్పుకున్నాడు. మా ఆయన ఒకసారి తలుపు దాకా వచ్చి, చూసి, లోపలికి వెళ్ళిపోయారు. ఎండెక్కింది. వాడు కదల్లేదు. ఆ మర్నాడూ అంతే.

మూడోనాడు నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మెట్లు దిగాను. కుడిచేతి వైపు గోడ పట్టుకుని, అది పాకిన దారిలోనే, ఇంటి వెనక్కి నడిచాను. దాని పొట్ట ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ గడ్డి మొలవడం లేదు. మూల దగ్గర వాడు చెవులు నిలబెట్టాడు. దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. వేళ్ళు, గాజులు, కొంగు వాసన చూశాడు.

"ఇంక రాదురా," అన్నాను. "నేనే వచ్చాను."

వాడు నా పక్కనుంచి తల చాపి, నేను నడిచొచ్చిన దారి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నాతో మెట్ల దగ్గరికి వచ్చి గంజి తాగాడు.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. జ్వరమొచ్చిన రోజు కూడా వెళ్ళాను. మూల దగ్గర కలుస్తాం, వాడు నా చెయ్యి వాసన చూస్తాడు, నా వెనక్కి చూస్తాడు. ఈ మధ్య నేను కూడా వెనక్కి తిరిగి, వాడు చూసినంతసేపూ చూసి, అప్పుడు వస్తున్నాను.